ఎక్స్‌ఎంఎల్ ప్రాజెక్టులో వేశారు, కెరీర్ అక్కడే ఆగిపోతుందా?

ప్రశ్న: బీటెక్ కంప్యూటర్ సైన్స్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ఒక బ్యాంకు పాత జావా అప్లికేషన్‌ను వెబ్‌లాజిక్ సర్వర్ నుంచి స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌కు మార్చే ప్రాజెక్టు ఇది. అందులోని డిప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను (అప్లికేషన్‌ను సర్వర్ ఎలా నడపాలో ట్యాగులతో రాసి ఉంచే ఫైళ్లు) చదివి జావా ఆబ్జెక్టులుగా మార్చే కోడ్ రాయమన్నారు. ఇదే ప్రాజెక్టులో ఉద్యోగం కూడా ఇస్తామంటున్నారు. ఫ్రెండ్స్ అందరూ ఏఐ వైపు వెళ్తున్నారు, ఎక్స్‌ఎంఎల్ పనిలో ఉంటే కెరీర్ ఆగిపోతుందని భయపెడుతున్నారు. నాన్న ఈ ఆఫర్ వదిలేసి అమీర్‌పేటలో కొత్త కోర్సులో చేరమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: ఆఫర్ తీసుకోండి. కానీ చేరే ముందు మీ మేనేజర్‌ను ఒక ప్రశ్న అడగాలి. అదేమిటో చివర్లో చెబుతాను.

పాత జావా ప్రాజెక్టుల్లో ఎక్స్‌ఎంఎల్ పని రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి, ఎవరో రాసిన ఫైల్లో పోర్టు నంబరో డేటాబేస్ పేరో మార్చి, సర్వర్ రీస్టార్ట్ చేసి, టికెట్ మూసేయడం. అందులో మూడేళ్లుంటే మీ ఫ్రెండ్స్ భయపెట్టినట్టే అవుతుంది. రెండోది, ఆ ఫైలును సర్వర్ ఎలా అర్థం చేసుకుంటుందో తెలుసుకుని, అదే పని చేసే కోడ్ మీరు రాయడం. మీకు చెప్పింది రెండో పని. ఈ తేడా మీ నాన్నగారికి తెలిసి ఉండకపోవచ్చు. నిజానికి ఇంటర్వ్యూలు చేసేవాళ్లలోనూ చాలామందికి తెలియదు.

అసలు ఈ ఫైళ్లు ఎందుకు పుట్టాయో ముందు చూడండి. 1998లో వచ్చిన మొదటి ఈజేబీ (సర్వర్‌లో నడిచే జావా భాగాలకు ప్రమాణం) స్పెసిఫికేషన్‌లో డిప్లాయ్‌మెంట్ వివరాలు ఎక్స్‌ఎంఎల్‌లో ఉండేవి కావు. సీరియలైజ్ చేసిన (బైట్లుగా మార్చి దాచిన) జావా ఆబ్జెక్టుగా ఉండేవి. మనిషి తెరిచి చదవలేడు, నోట్‌ప్యాడ్‌లో మార్చలేడు. మరుసటి ఏడాది 1.1 వెర్షన్‌లో దాన్ని తీసేసి ఎక్స్‌ఎంఎల్ పెట్టారు. అంటే ఆబ్జెక్టుగా ఉన్నదాన్ని మనుషుల కోసం టెక్స్ట్‌గా మార్చారు. ఇప్పుడు మీరు దాన్ని మళ్లీ ఆబ్జెక్టు చేస్తున్నారు!

ఆ స్పెసిఫికేషన్ కోడ్ రాసేవాళ్లు, ముక్కలన్నీ కలిపి అప్లికేషన్ తయారు చేసేవాళ్లు, దాన్ని సర్వర్‌లో పెట్టేవాళ్లు వేర్వేరు మనుషులని అనుకుంది. కోడ్ ముట్టుకోకుండానే డేటాబేస్, సెక్యూరిటీ రోల్, ట్రాన్సాక్షన్ సెట్టింగు మార్చుకోవడానికే ఈ ఏర్పాటు. 2006లో జావా ఈఈ 5తో (పెద్ద అప్లికేషన్ల కోసం ఉన్న జావా ప్రమాణం) యానొటేషన్లు, అంటే సెట్టింగులను కోడ్‌లోనే రాసే గుర్తులు వచ్చాయి. 2009లో సర్వ్‌లెట్ (వెబ్ రిక్వెస్టులకు జవాబిచ్చే జావా కోడ్) 3.0 వచ్చాక, వెబ్ అప్లికేషన్ సెట్టింగుల ఫైలైన వెబ్.ఎక్స్‌ఎంఎల్ లేకుండానే అప్లికేషన్ నడపొచ్చు. కాబట్టి ఈ ఫైళ్లు కొత్తగా రాసేవాళ్లు తగ్గారన్న మాట నిజమే. ఉన్నవాటిని చదివి తరలించాల్సిన పని మాత్రం అలాగే ఉంది. మీ ప్రాజెక్టే దానికి ఉదాహరణ.

ఇప్పుడు పని సంగతి. మీరు మొదటివారంలోనే జాక్స్‌బీ (ఎక్స్‌ఎంఎల్‌ను జావా ఆబ్జెక్టులుగా మార్చే లైబ్రరీ) పట్టుకుని, స్కీమా (ఫైల్లో ఏ ట్యాగులు ఉండొచ్చో చెప్పే వివరణ) నుంచి క్లాసులు జనరేట్ చేసి, పని అయిపోయిందనుకునే ప్రమాదం ఉంది. ట్యాగుకో ఫీల్డు పెట్టడం తేలిక. ఆ ట్యాగు లేకపోతే అర్థమేమిటన్నదే కష్టం.

సెషన్ టైమవుట్ (వాడకుండా వదిలేసిన లాగిన్ ఎంతసేపటికి ముగియాలన్న సెట్టింగు) తీసుకోండి. వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో అది నిమిషాల్లో ఉంటుంది. వెబ్‌లాజిక్ సొంత ఫైలైన వెబ్‌లాజిక్.ఎక్స్‌ఎంఎల్‌లో సెకన్లలో ఉంటుంది. రెండింటినీ టైమవుట్ అనే ఒకే పేరున్న ఇంట్ ఫీల్డులో పడేస్తే 30 అంటే అర నిమిషమా, అరగంటా? దీనికంటే పెద్ద గొయ్యి ఇంకోటుంది. సర్వ్‌లెట్ స్పెసిఫికేషన్ ప్రకారం ఆ విలువ సున్నా గానీ అంతకు తక్కువ గానీ ఉంటే సెషన్ ఎప్పటికీ ముగియదు. ట్యాగే లేకపోతే సర్వర్ తన డిఫాల్ట్ వాడుకుంటుంది. మీరు ఫీల్డును ప్రిమిటివ్ ఇంట్‌గా (ఎప్పుడూ ఏదో ఒక సంఖ్య ఉండే రకం) పెడితే, ట్యాగు లేని ఫైలు చదివినప్పుడు అందులో సున్నా ఉంటుంది. దాన్ని చూసి మీ టూల్ 'సెషన్ ఎప్పటికీ ముగియదు' అని కొత్త కాన్ఫిగరేషన్ రాస్తుంది. అదీ బ్యాంకు అప్లికేషన్‌కు! ఖాళీగా కూడా ఉండగల ఇంటీజర్ రకం పెట్టి, ట్యాగు లేకపోతే నల్ (విలువే లేదని) ఉంచాలి. సర్వ్‌లెట్‌ను ఎప్పుడు లోడ్ చేయాలో చెప్పే లోడ్-ఆన్-స్టార్టప్ ట్యాగు దగ్గరా ఇదే తంటా: సున్నా అంటే మొదలయ్యేటప్పుడే లోడ్ చేయమని, ట్యాగే లేకపోతే సర్వర్ ఇష్టమని.

నేమ్‌స్పేస్ (ట్యాగులు ఏ కుటుంబానివో చెప్పే చిరునామా) ఇంకో తలనొప్పి. వెబ్.ఎక్స్‌ఎంఎల్ 2.3 వరకు డీటీడీతో (ట్యాగుల నియమాలు చెప్పే పాత పద్ధతి) నడిచింది, నేమ్‌స్పేసే లేదు. 2.4లో ఒకటి వచ్చింది, 2.5కు మారింది, 3.1కు మళ్లీ మారింది, జావా ఈఈకి జకార్తా పేరు వచ్చాక 5.0లో ఇంకోసారి మారింది. ట్యాగు పేర్లు చూడటానికి ఒకటే, కానీ జాక్స్‌బీ దృష్టిలో వేర్వేరు. రూట్ ఎలిమెంట్ (అన్నిటికీ పైనుండే ట్యాగు) దగ్గర తేడా వస్తే ఎర్రర్ ఇస్తుంది, అది మన అదృష్టం. లోపలి ఎలిమెంట్ దగ్గర తేడా వస్తే, మీరు వ్యాలిడేషన్ (స్కీమాతో సరిచూడటం) ఆన్ చేయకపోతే, చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. ఆబ్జెక్టు వస్తుంది, లోపల అన్నీ నల్‌లే. పాత బ్యాంకు అప్లికేషన్‌లో ఈ వెర్షన్లు కలగాపులగంగా ఉండటం మామూలే.

జాక్స్‌బీ 2018 సెప్టెంబరులో వచ్చిన జావా 11 నుంచి జేడీకేలో (జావా డెవలప్‌మెంట్ కిట్) లేదు, డిపెండెన్సీగా విడిగా చేర్చుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికే పాత కోడ్ అలాగే పెడితే కంపైల్ కాదు. భద్రత కోసం, ఫైలును చదివే పార్సర్‌లో డీటీడీ, ఎక్స్‌టర్నల్ ఎంటిటీలు (బయటి ఫైళ్లను లోపలికి లాగే సూచనలు) ఆపేయడం మరిచిపోవద్దు. కాకపోతే మీ 2.3 ఫైళ్లకు డీటీడీ లైన్ ఉంటుంది కాబట్టి, మొత్తంగా నిషేధిస్తే అవి అసలు తెరుచుకోవు. అక్కడ ఎంటిటీలను బయటి నుంచి తెచ్చుకోకుండా అడ్డుకోవడం దాకా చాలు.

వీలు చూసుకుని టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్ సోర్స్ కోడ్ తెరవండి. అది జాక్స్‌బీ వాడదు. డైజెస్టర్ అనే సొంత పద్ధతిలో, ఫలానా దారిలో ఫలానా ట్యాగు కనిపిస్తే ఈ ఆబ్జెక్టు తయారు చెయ్యి, ఈ మెథడ్ పిలువు అని రూల్స్ రాసుకుంటుంది. వెబ్‌ఎక్స్‌ఎంఎల్, కాంటెక్స్ట్‌కాన్ఫిగ్ అనే క్లాసులు రెండూ చదవండి. అప్లికేషన్ ఫైలు, జార్‌లలోని (లైబ్రరీ ఫైళ్లు) ఫ్రాగ్మెంట్లు (వెబ్.ఎక్స్‌ఎంఎల్ ముక్కలు), యానొటేషన్లు, సర్వర్ డిఫాల్ట్ ఫైలు అన్నీ ఏ క్రమంలో కలుస్తాయో, గొడవ వస్తే ఎవరి మాట నెగ్గుతుందో అందులో కనిపిస్తుంది. నన్నడిగితే ఏ కోచింగ్ సెంటరూ ఇంత బాగా చెప్పదు, పైగా ఉచితం.

ఇది పాత విద్య అనుకుంటున్నారు గానీ, స్ప్రింగ్ బూట్‌లో అప్లికేషన్.వైఎంఎల్ అనే సెట్టింగుల ఫైలును కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్ అనే యానొటేషన్‌తో క్లాసుకు కట్టేటప్పుడు ఇవే ప్రశ్నలు వస్తాయి. లేని విలువ, డిఫాల్ట్ విలువ, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ వచ్చి మార్చేసిన విలువ, అన్నీ అక్కడా ఉంటాయి. చాలా సర్వర్లలో అప్లికేషన్లు నడిపించే కుబర్నెటీస్‌లో వైఎంఎల్ ఫైలు ఇస్తే అదీ లోపల గో భాషలోని స్ట్రక్ట్‌గా (ఆబ్జెక్టు లాంటిది) మారాల్సిందే. అక్కడ ఎన్ని కాపీలు నడపాలో చెప్పే రెప్లికాస్ అనే ఫీల్డును పాయింటర్‌గా (ఖాళీగా కూడా ఉండగల రకం) ఎందుకు పెట్టారో, మీ సెషన్ టైమవుట్ గొడవ తెలిసినవాళ్లకు చూడగానే అర్థమవుతుంది. సున్నా కాపీలు కావాలనడం వేరు, ఎన్నో చెప్పకపోవడం వేరు.

ఇక ఏఐ. నేర్చుకోండి, వద్దనను. ఈ టూల్‌కు కావాల్సిన క్లాసులు ఏఐతో రాయించండి కూడా. నేను పైన చెప్పిన సున్నా, నల్ తేడాను అది ప్రతిసారీ పట్టుకుంటుందేమో మీరే టెస్టులు రాసి చూడండి. ఆ టెస్టులే రేపు ఇంటర్వ్యూలో మీరు చెప్పుకోగలిగిన విషయం. రెజ్యూమెలో 'ఎక్స్‌ఎంఎల్, జాక్స్‌బీ తెలుసు' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఎన్ని అప్లికేషన్ల కాన్ఫిగరేషన్ మార్చారో, మీ టూల్ ఏ తప్పులు ముందే పట్టిందో రాయండి.

మీ నాన్నగారితో గొడవ పెట్టుకోవద్దు. కోర్సు ఫీజు ఇప్పుడే కట్టొద్దని, ఆరు నెలలు గడువిమ్మని అడగండి. చేతిలో ఉన్న ఆఫర్ వదిలి కోర్సులో చేరడం, అదీ క్యాంపస్ నుంచి బయటికొచ్చే సమయంలో, నేను ఎవరికీ చెప్పను.

మేనేజర్‌ను అడగాల్సింది ఇది: "ఈ టూల్ పూర్తయ్యాక అప్లికేషన్‌ను స్ప్రింగ్ బూట్‌కు మార్చే టీమ్‌లో నేనుంటానా, లేక పాత సర్వర్ సపోర్ట్‌లో ఉంటానా?" మార్చే టీమ్ అంటే కళ్లుమూసుకుని చేరండి. సపోర్ట్ అంటే, లేదా సమాధానం దాటవేస్తే, అప్పుడూ చేరండి, కానీ టూల్ పని అయిన వెంటనే కంపెనీ లోపలే వేరే ప్రాజెక్టుకు దరఖాస్తు పెట్టండి. చేరే ముందే బాండ్ ఉందా, ఉంటే ఎన్నేళ్లు అన్నది హెచ్‌ఆర్‌ను అడిగి కాగితం మీద తీసుకోండి.