ఓవెన్ లేకుండా ఖర్జూరం స్వీట్

ప్రశ్న: మా ఇంట్లో ఓవెన్ లేదండీ. పోయిన క్రిస్మస్‌కి డబ్బాలో వచ్చే నల్ల ఖర్జూరంతో లడ్డూలు చేస్తే చేతికంతా అంటుకుని ఉండ కట్టలేదు. ఈసారి ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ఓవెన్‌తో పనే లేదమ్మా. ఆ నల్ల రకం ఊరికే తినడానికి బాగుంటుంది కానీ, ఉండకి తడి ఎక్కువ. కాస్త గట్టిగా ఉండే గోధుమరంగు ఖర్జూరం పావుకిలో తీసుకోండి. ఎండు ఖర్జూరం మాత్రం వద్దు. గింజ తీసేటప్పుడు ప్రతిదాన్నీ చీల్చి చూడండి, ఒక్కోసారి లోపల పురుగు ఉంటుంది.

బాదం, జీడిపప్పు కలిపి 100 గ్రాములు సన్న సెగ మీద వేయించి, పలుకుగా కొట్టుకోండి. అదే మూకుడులో చెంచా నెయ్యి వేసి, ఖర్జూరాన్ని గరిటెతో నొక్కుతూ ఉండండి. ముద్దయి మూకుడు వదలగానే దించేసి, పప్పులూ యాలకులపొడీ కలపండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే రోల్ చుట్టి, వేయించిన గసగసాల్లో దొర్లించండి. గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి బిళ్లలుగా కోయండి. ఉండలకంటే నాకిదే ఇష్టం, అన్నీ ఒకే సైజు కాబట్టి పిల్లలు పెద్దదాని కోసం కొట్టుకోరు.

పంచదార వేయలేదు కదా అని షుగర్ ఉన్నవాళ్లకి ధారాళంగా పెట్టకండి, ఖర్జూరంలో ఉన్నది చాలావరకు చక్కెరే. దుబాయ్‌లో ఉన్నవాళ్లకి పంపేటట్టయితే గసగసాల బదులు కొబ్బరిపొడి వాడండి. అక్కడ గసగసాలు నిషేధం.