జాకీ కింద ఏముందో రాయమ్మా

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ అందింది. మొన్న రాత్రి ఒకసారి, నిన్న పొద్దున్నే ఇంకోసారి చదివాను. మీ నాన్నగారి షెడ్డు, షెడ్డు వెనక పంటకాలువ, కాలువ గట్టున చక్రాలకు బదులు ఇనప చైన్ల మీద నడుస్తూ మట్టి తోసే ఆ తుప్పు పట్టిన పాత డోజరు, దాని చైను మీద ఆరేసిన ఎర్ర తువ్వాలు, అన్నీ కళ్లారా చూసి రాసినవని తెలిసిపోతోంది. ఆ తువ్వాలు దగ్గర నేను కాసేపు ఆగాను. నీకు చూపు ఉంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాయాలనిపించింది.

మూడో పేజీలో ఒక వాక్యం రాశావు: "నాన్న జాకీ పెట్టి బండిని లేపి, కింద ఇటుకలు పేర్చి, చైను ఊడదీశాడు." ఆ తర్వాత పేరా అంతా మబ్బుల గురించే. ఆ బండి 12 టన్నులని ముందు పేజీలో నువ్వే చెప్పావు. 12 టన్నుల ఇనుమును ఒక పక్కకు లేపి, దాని కింద మనుషులు చేతులు పెట్టి పనిచేయడమంటే మాటలా? ఆ ఒక్క వాక్యంలో మూడు పనులున్నాయి, మూడూ ప్రాణం మీదకు వచ్చే పనులే. మబ్బులకు ఇచ్చిన చోటు వాటికి ఇవ్వాల్సింది.

ముందు ఆ ఇటుకల సంగతి తేల్చుకుందాం. మీ నాన్నగారు నిజంగా ఇటుకలు పెడతారా? అడుగు. పెట్టరనే నా నమ్మకం. ఇన్నేళ్లు ఆ పనిలో ఉండి రెండు చేతులూ నిలుపుకున్న మనిషి ఇటుకల మీద బండి నిలబెట్టడు. ఇటుక, సిమెంటు దిమ్మ పైనుంచి ఎంత గట్టిగా కనిపించినా, పగిలేటప్పుడు ముందుగా ఏమీ చెప్పవు. ఒక్క క్షణంలో పొడైపోతాయి. కర్ర అలా కాదు, నలుగుతుంది, కిర్రుమంటుంది, మనిషి పక్కకు తప్పుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తుంది. నీ కథ అచ్చయ్యాక ఏ కుర్రాడో చదివి "ఇటుకలు పెట్టొచ్చన్నమాట" అనుకుంటే? పని గురించి రాసేటప్పుడు ఈ భయం నీకు ఉండాలి. నాకు ఇప్పటికీ ఉంది.

నేను చూసిన సంగతి ఒకటి చెబుతాను. ఆకివీడు దగ్గర మా చిన్నాన్న నలుగురితో కలిసి చేపల చెరువు తవ్విస్తున్న రోజులు. గట్టు వేస్తున్న డోజరుకి ఎడమ పక్క చైను వదులై పదేపదే జారిపోతోంది. చైను మీద బండి బరువు మోసే రోలర్లు కూడా కింద రెండు పోయాయి. భీమవరం నుంచి ఒక పెద్ద మేస్త్రిని పిలిపించారు. అరవై దాటిన మనిషి, బక్కపలచగా ఉండేవాడు. వచ్చీరాగానే బండి వైపు చూడలేదు, నేల వైపు చూశాడు. మడమతో రెండు చోట్ల పొడిచాడు. పైన ఎండకి నెర్రెలిచ్చిన రేగడి రాయిలా ఉంది. పలుగుతో జానెడు తవ్వితే లోపల నల్లగా, మెత్తగా, వేలు పెడితే అంటుకునే బంక. "ఇక్కడ కాదండి, ఆ రోడ్డు పక్కకి తోలించండి" అన్నాడు. మా చిన్నాన్న ఒప్పుకోలేదు. చైను ఊడిపోతే దారిలోనే ఆగిపోతుందని ఆయన టెన్షన్.

సరే, అక్కడే మొదలుపెట్టారు. ముందు మట్టి తోసే బ్లేడు కిందికి దించి నేలకి ఆనించారు, ఇంజను ఆపారు, బ్రేకు లాక్ చేశారు. కుడి చైనుకి ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టారు, ఎందుకంటే లేపేది ఒక పక్కే, రెండో పక్క నేల మీదే ఉండాలి. జాకీ కింద వెడల్పాటి చెక్క పరిచారు. జాకీ తలకి, బండి ఇనుముకి మధ్య ఇంకో చెక్క ముక్క పెట్టారు, ఇనుము మీద ఇనుము జారుతుంది కనక. ఇంజను అడుగున ఉండే గార్డు ప్లేటు దగ్గర ఒక కుర్రాడు జాకీ పెట్టబోతే మేస్త్రి చెయ్యి పట్టి ఆపాడు. ఆ రేకు వంగితే పైనున్న ఆయిల్ సంపు, అంటే ఇంజను ఆయిల్ ఉండే తొట్టి, పగులుతుందట. బరువు మోసే గట్టి చోటు ఎక్కడుందో వంగి, వేళ్లతో తడిమి మరీ చూపించాడు.

తర్వాత అసలు పని. జాకీ నాలుగు కొట్లు కొట్టడం, ఆగడం. లేచిన మేర బండి కింద ఒక దుంగ తోయడం. మళ్లీ నాలుగు కొట్లు, మళ్లీ దుంగ. దుంగలు రైలు పట్టాల కింద వేసే పాత స్లీపర్లు, చదరంగా కోసినవి. ఒక వరస నిలువుగా, దాని మీద వరస అడ్డంగా. ఎత్తు పెరిగేకొద్దీ అడుగు వెడల్పు సరిపోతుందా అని చూసుకుంటున్నాడు. పక్కనే కొబ్బరి మొద్దులు బోలెడు పడి ఉన్నాయి. మన దగ్గర అవే సులువుగా దొరుకుతాయి కదా. మా చిన్నాన్న అవి చూపిస్తే మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. గుండ్రటి మొద్దు దొర్లుతుంది. పైగా కొబ్బరికి బయటి చుట్టే గట్టి, లోపలంతా పీచు.

బండి అయిదారంగుళాలు లేచింది. అప్పుడు వినిపించింది, సన్నగా, గుమ్మం తలుపు మూసినప్పటిలా ఒక కిర్రు. మేస్త్రి చెయ్యెత్తాడు. అందరూ బిగుసుకుపోయారు. జాకీ కింద పరిచిన చెక్క ఒక అంచు నేలలోకి దిగిపోతోంది. ఆ అంచు చుట్టూ గీత గీసినట్టు నీరు ఊరుతోంది. జాకీ ఒక వేలంత పక్కకి ఒరిగింది. "ఎవరూ ముట్టుకోకండి, వెనక్కి రండి" అన్నాడు తగ్గు గొంతుతో. నాలుగడుగులు వేశామో లేదో జాకీ జారింది. బండి కిందికి వచ్చింది. వచ్చింది ఒక్క అంగుళమే. అప్పటికే దాని కింద దుంగలు ఉన్నాయి కనక వాటి మీద ధబ్బున కూర్చుంది. దుంగలు మూలిగాయి, అంతే. నిమిషం కిందటి దాకా ఆ కుర్రాడి చెయ్యి మోచేతి వరకూ ఆ కిందే ఉంది.

టీ తాగేటప్పుడు అడిగాను, ఎలా తెలిసిందని. "దుంగ అరుస్తుందండీ బాబూ. ఇటుక అరవదు" అన్నాడాయన. ఇంకా అన్నాడు, "జాకీ లేపడానికేనండి. నిలబెట్టేది దుంగ. లేపినంత మేరా దుంగ వెనకాలే రావాలండి, బెత్తెడు కూడా వదలకూడదు." ఆ తర్వాత బండిని మెల్లగా రోడ్డు పక్క గట్టి నేల మీదకి తోలించి, రెండో రోజు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి మా చిన్నాన్న ఏమీ మాట్లాడలేదు.

ఇదంతా ఎందుకు చెప్పానో నీ కథ చివరి పేజీ చూస్తే నీకే తెలుస్తుంది. బండి కూలి హెల్పరు చనిపోతాడు. "విధి ఆడిన ఆట" అని రాశావు. అమ్మా, ఆ మాట కొట్టెయ్. అక్కడ విధి లేదు. మెత్తటి నేల ఉంది, జాకీ కింద చిన్న చెక్క ఉంది, పెట్టని దుంగ ఉంది, తొందరపెట్టిన యజమాని ఉన్నాడు. బండి ఎందుకు పడిందో నీకు తెలియకపోతే ఆ కుర్రాడు ఎందుకు పోయాడో కూడా నీకు తెలియనట్టే. తెలియని చావుకి పాఠకుడి చేత కన్నీళ్లు పెట్టించడం న్యాయం కాదు. ఏ దుంగ పెట్టలేదో రాయి, ఎవరు వద్దన్నారో రాయి. చదివినవాడికి దుఃఖంతో పాటు కోపం కూడా వస్తుంది. రావాలి.

ఇక చైను ఊడదీయడం. ఇది నువ్వు అరవాక్యంలో దాటేశావు, కానీ నీ కథకి కావలసిన ఊపిరి ఇక్కడే ఉంది. చైను లింకులన్నీ పిన్నులతో కలిసి ఉంటాయి. చాలా బండ్లలో వాటిలో ఒకటి మాస్టర్ పిన్ను, అది తీస్తేనే చైను రెండుగా విడుతుంది. దాని తల మీద గుంటో, గుర్తో ఉంటుంది, మట్టి గీకి వెతుక్కోవాలి. వెతికి, బండిని అంగుళం అంగుళం కదిపి, ఆ పిన్ను తీయడానికి వీలైన చోటుకి తెచ్చుకోవాలి. ఎక్కువగా అది ముందు ఐడ్లరు, అంటే చైను ముందు కొసన తిరిగే చక్రం, ఎదురుగా. అక్కడ కూడా చైను కింద దిమ్మ పెట్టాలి. పిన్ను బయటికి రాగానే వందల కిలోల చైను ఒక్కసారి జారి పడుతుంది, కాలు ఉంటే కాలు పోతుంది. సమ్మెటతో కొడితే గట్టి ఉక్కు పెచ్చులు లేచి కళ్లల్లో పడతాయి. మీ నాన్నగారు కళ్లద్దాలు పెట్టుకుంటారా? పెట్టుకోకపోతే కథలో కాదు, ఇంట్లో దెబ్బలాడు.

అంతకుముందు చైను బిగువు వదలాలి. పాత బండ్లలో మరల కడ్డీ తిప్పి వదులు చేస్తారు. తర్వాత వచ్చిన వాటిలో బిగువంతా గ్రీజు ఒత్తిడే. చిన్న వాల్వు ఉంటుంది, దాన్ని ఒక్క చుట్టుకి మించి తిప్పకూడదు, దానికి ఎదురుగా ముఖం పెట్టకూడదు. ఆ ఒత్తిడిలో గ్రీజు సూదిలా చర్మంలోకి దిగిపోతుంది. బయటికి దోమకాటంత గాయం, లోపల కండంతా పాడు. నొప్పి లేదని ఊరుకోకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఐడ్లరు వెనక టన్నుల బలంతో అదిమి పెట్టిన పెద్ద స్ప్రింగు ఉంటుంది. దాన్ని గ్యాస్‌తో కోద్దామనుకున్న మనిషిని ఎవరైనా సరే లాగి అవతల పడేయాలి.

మరి ముందు లేపుతారా, ముందు చైను విప్పుతారా? ఇది నువ్వు మీ నాన్నగారిని అడగాల్సిన ప్రశ్న. బండిని బట్టి, నేలను బట్టి, చేయబోయే పనిని బట్టి మారుతుంది. చైను ఒక్కటే తీయాలంటే కొందరు అసలు లేపకుండా విప్పేసి, బండిని పలకల మీదకి నడిపించేస్తారు. రోలర్లు మార్చాలంటే మాత్రం లేపక తప్పదు. ఆయన ఏ వరసలో చేస్తారో ఆ వరసలోనే రాయి. ఈ పనిలో వరస తప్పితే మనిషి పోతాడు. నీ వాక్యాల వరస కూడా అలాగే ఉండాలి, ముందుది ముందు, వెనకది వెనక.

మాటల గురించి కూడా ఒకటి చెప్పాలి. "లోహ శృంఖల" అని రాశావు. షెడ్డులో ఆ మాట ఎవరన్నారు? చైను అను. జాకీ, రోలరు, పిన్ను, బుష్షు, స్ప్రాకెట్టు అన్నీ మన మాటలే ఇప్పుడు, మీ నాన్నగారి నోట్లో అరిగి నునుపెక్కిన మాటలు. కానీ అర్థం మాత్రం సరిగ్గా పట్టుకో. "చైను సాగింది" అంటారు కదా, ఉక్కు సాగదు. ప్రతి పిన్నూ, దాని చుట్టూ గొట్టంలా ఉండే ప్రతి బుష్షూ లోపల కాస్త కాస్త అరుగుతాయి. ఆ అరుగుదలలన్నీ కలిసి చైను పొడుగు పెరుగుతుంది. మన బంకమట్టి, చైనుని తిప్పే స్ప్రాకెట్టు చక్రం పళ్లలో ఇరుక్కుని చైనుని ఇంకా బిగదీస్తుంది, అరుగుదల ఇంకా త్వరపడుతుంది. సగం అరిగిన పిన్నుల్ని, బుష్షుల్ని విప్పి అరగని పక్కకి తిప్పి బిగిస్తే మరికొంత కాలం పనిచేస్తాయి. దీన్ని చేస్తుండగా చూడు. మీ నాన్నగారు అరిగిన బుష్షు మీద బొటనవేలు పెట్టి ఎంత అరిగిందో చెప్పడం నువ్వు చూసే ఉంటావు. ఎందుకు రాయలేదు?

ఒక ముచ్చట కూడా చెప్పనీ. ఈ చైను బండి పేరు తెచ్చుకున్నది కూడా మనలాంటి డెల్టా నేల మీదే. కాలిఫోర్నియాలో స్టాక్‌టన్ దగ్గర మెత్తటి నేలలో చక్రాల బండ్లు దిగబడిపోతుంటే, బెంజమిన్ హోల్ట్ అనే ఆయన ఆవిరి ట్రాక్టరుకి వెనక చక్రాలు తీసి, చెక్క పలకలు బిగించిన చైన్లు తొడిగి, 1904 నవంబరు 24న నడిపి చూశాడు. ఆయన కంపెనీ, ఆయనకి పోటీగా ట్రాక్టర్లు చేసిన బెస్ట్ వాళ్ల కంపెనీ 1925లో కలిసి క్యాటర్‌పిల్లర్ కంపెనీ అయ్యాయి. మెత్తటి నేలలో దిగబడకుండా నడవడానికి తొడిగిన చైను అది. దాన్ని బాగుచేయడానికి బండిని లేపినప్పుడు మాత్రం, అంతవరకూ చైను పరుచుకుని మోసిన బరువంతా ఒక జాకీ పాదం మీదకి వస్తుంది. ఆ నేల అదే బంక. నీ కథ జరగాల్సింది ఈ చోటే అనిపిస్తుంది నాకు.

కాలువలకి నీళ్లు ఆపేశాక షెడ్డులో ఆ డోజరు పని మొదలుపెడతారని రాశావు. నేల ఆరే రోజులు, మంచిదే. ఆ రోజు పొద్దున్నుంచీ ఒక నోటుబుక్కు పట్టుకుని దూరంగా, బండి జారినా తగలనంత దూరంలో నిలబడు. ఏ దుంగ ఎక్కడ పెట్టారో బొమ్మ గీసుకో. దుంగలు ఎన్ని వరసలు వచ్చాయో లెక్కపెట్టు. జాకీ కొట్టే కుర్రాడు ఎప్పుడు ఆగాడో, ఎవరి కనుసైగకి ఆగాడో చూడు. కిర్రుమన్న చప్పుడు వస్తే అది ఎలా ఉందో నీ సొంత మాటల్లో రాసుకో, నా గుమ్మం తలుపు తీసుకోకు. రాశాక ముందుగా మీ నాన్నగారికి చదివి వినిపించు. ఆయన ఎక్కడ ఆపి "అలా కాదమ్మా" అంటారో అక్కడ గీత పెట్టుకుని నాకు పంపు.

హెల్పరు కుర్రాడికి కథలో పేరు పెట్టలేదు నువ్వు. పెట్టు. మాస్టర్ పిన్ను మీద గుర్తు ఏమిటో కూడా ఈసారి ఉత్తరంలో రాయి, మీ నాన్నగారి బండికి ఎలా ఉంటుందో నాకు తెలుసుకోవాలని ఉంది.

మీ అమ్మగారికి, నాన్నగారికి నా నమస్కారాలు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు