ధర లేని గుర్రం పేరు రాయకు

తమ్ముడూ,

ఇంగ్లాండ్‌లోని న్యూమార్కెట్‌లో శనివారం 2000 గినీస్, ఆదివారం 1000 గినీస్ గుర్రపు పందేలు జరిగే గినీస్ వారాంతం మీద నువ్వు పంపిన ప్రివ్యూ రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిలా, రెండోసారి జేబులో ఇరవై పౌండ్లు పెట్టుకుని న్యూమార్కెట్ గేటు దగ్గర నిలబడ్డవాడిలా. మొదటిసారి బాగానే ఉందనిపించింది. రెండోసారి చదివాక మాత్రం ఆ ఇరవై పౌండ్లు దేనిమీద పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో నాకు అర్థం కాలేదు.

శనివారం ఏడు రేసులు, ఆదివారం ఏడు, మొత్తం పద్నాలుగింటికీ పద్నాలుగు పేర్లు ఇచ్చావు. ప్రతి పేరు పక్కనా "గట్టి పోటీ ఇస్తుంది", "తేలిగ్గా తీసిపారేయలేం", "తనదైన రోజున ఎవరినైనా ఓడించగలదు" అని ఏదో ఒకటి. తనదైన రోజున ప్రతి గుర్రమూ ఎవరినైనా ఓడిస్తుంది, అందుకే కదా దాన్ని తనదైన రోజు అనేది! గోడ మీద పిల్లిలా కూర్చుని రాస్తే ఎవరు గెలిచినా మనదే పైచేయి అనుకుంటాం, నేనూ మొదటి రెండేళ్లు అలాగే రాశాను. అది చదివి డబ్బు పెట్టేవాడికి మాత్రం మనం ఏమీ చెప్పనట్టే.

నీ పద్నాలుగు పేర్లలో ఒక్కదాని పక్కన కూడా ధర లేదు. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది ఇదే. "ఈ గుర్రం గెలుస్తుంది" అన్నది సగం వాక్యం. ఎంతకి అన్నది మిగతా సగం. 4/1, అంటే ఒకటి పెడితే నాలుగు లాభం, ఉన్న గుర్రాన్ని మనం ఎంచుకున్నామంటే అది ఐదింట ఒకసారి కంటే ఎక్కువే గెలుస్తుందని మన నమ్మకం. అదే గుర్రం శనివారం ఉదయానికి 6/4కి వచ్చేసిందనుకో, ఇప్పుడు అది ఐదింట రెండుసార్లు గెలిస్తే తప్ప గిట్టుబాటు కాదు. గుర్రం అదే, జాకీ అదే, నువ్వు రాసిన కారణాలూ అవే, కానీ పందెం వేరు. అందుకే ప్రతి ఎంపిక కింద ఒక్క ముక్క రాయి: "3/1 వరకు సరే, అంతకన్నా తగ్గితే వదిలేయండి" అని.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. 1996 సెప్టెంబర్ 28, శనివారం, ఆస్కాట్ రేస్‌కోర్సు. జాకీ ఫ్రాంకీ డెటోరీ ఆ రోజు మొత్తం ఏడు రేసులూ గెలిచాడు. అందరూ ఆ ఏడు గెలుపుల గురించి చెబుతారు, నేను మాత్రం ఏడో గుర్రం ధర గురించి చెబుతాను. ఫుజియామా క్రెస్ట్ ఉదయం 12/1. డెటోరీ ఒక్కో రేసూ గెలుస్తుంటే ఒక రేసులో గెలిచిన డబ్బు తర్వాతి రేసు మీదికి వెళ్లేలా జనం కలిపి వేసిన చిన్న చిన్న పందేలు, అంటే అక్యుములేటర్లు, పేరుకుపోయాయి, బుకీలకు టెన్షన్ పట్టుకుంది, ధర పడిపోతూ పోతూ రేసు మొదలయ్యేసరికి 2/1కి వచ్చింది. అంటే పొద్దున పదమూడింట ఒక అవకాశం అనుకున్నది సాయంత్రానికి మూడింట ఒకటయింది. ఆ గుర్రం కాళ్లలోకి మధ్యలో కొత్త బలమేమీ రాలేదు. చివరికి మెడంత తేడాతో చచ్చీ చెడీ గెలిచింది. గెలిచింది కాబట్టి 2/1కి వేసినవాడు కూడా తెలివైనవాడేనని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది మంచి పందెం కాదు, గెలిచిన చెడ్డ పందెం. ఈ తేడా నీ తలకెక్కితే సగం పని అయిపోయినట్టే.

ఇక 2000 గినీస్ మీద నువ్వు రాసిన రెండు పేరాలు. మొదటి పేరా అంతా చరిత్రే: 1809లో మొదలైందనీ, ఆడ గుర్రాల 1000 గినీస్ 1814లో వచ్చిందనీ, గినీ అంటే ఒక పౌండు ఐదు పెన్నీలనీ. నాకూ ఇవన్నీ ఇష్టమే, కానీ శుక్రవారం రాత్రి పందెం కోసం చదివేవాడికి ఇవి అడ్డం. తీసెయ్. ఇంకోటి, దీన్ని "మగ గుర్రాల రేసు" అని రాశావు. తప్పు. ఫిల్లీలు, అంటే వయసులో చిన్నవైన ఆడ గుర్రాలు, కూడా పరుగెత్తొచ్చు, వాటికి మోయాల్సిన బరువులో మూడు పౌన్ల తగ్గింపు కూడా ఉంటుంది. ఆదివారం తమకంటూ 1000 గినీస్ ఉంది కాబట్టి వాటి యజమానులు అటే పోతారు, అంతే. ఇలాంటి చిన్న తప్పు ఒక్కటి దొరికితే చాలు, తెలిసిన పాఠకుడు నీ ఎంపికలను కూడా అదే కళ్లతో చూస్తాడు.

ఆ తీసేసిన చరిత్ర స్థానంలో నేల గురించి రాయి. న్యూమార్కెట్‌లో గినీస్ పరుగెత్తే రోలీ మైల్ అంటే ఒక మైలు, ఎనిమిది ఫర్లాంగులు, మలుపు లేని సూటి దారి. మలుపు లేదు కదా అని తేలిగ్గా అనుకుంటారు. చివరి రెండు ఫర్లాంగుల్లో ఏం జరుగుతుందో ఒకసారి వీడియోలో గుర్రాన్ని వదిలేసి జాకీ చేతులే చూడు. నేల కిందికి జారుతుంది, దాన్ని డిప్ అంటారు, ఆ పల్లంలోకి దిగేటప్పుడు పొడుగాటి అడుగులు వేసే గుర్రాలకు లయ తప్పుతుంది, తల పైకెత్తుతాయి, పక్కకి ఒరుగుతాయి. జాకీ అప్పటిదాకా ముందుకి తోస్తున్నవాడు కాస్తా ఒక్క క్షణం కళ్ళెం సర్దుకుంటాడు. ఆ ఒక్క క్షణంలో ఒక లెంగ్త్, అంటే ఒక గుర్రం పొడవు, పోతుంది. వెంటనే గెలుపు గీత వరకూ చివరి ఫర్లాంగు ఎత్తు. కాబట్టి నీ గుర్రం ఇంతకుముందు గెలిచిన చోటు చదునుగా ఉందా, ఇలాంటి దిగుడు ఎప్పుడైనా చూసిందా, మైలు పూర్తిగా పరుగెత్తే దమ్ము ఉందా అన్నవి అడగాలి. ఏప్రిల్‌లో ఇదే దారిలో జరిగే క్రేవెన్ స్టేక్స్‌నూ, న్యూబరీలో ఏడు ఫర్లాంగుల గ్రీనమ్‌నూ నువ్వు ఒకే గాటన కట్టేశావు. రెండూ గినీస్‌కి ముందు సత్తా చూసే ట్రయల్సే, కానీ ఒకటి చెప్పేది ఒకటి చెప్పదు.

ఇంకో సంగతి, ఇవి మూడేళ్ల గుర్రాలు. కాగితం మీద అన్నిటికీ పుట్టినరోజు జనవరి 1. నిజానికి ఒకటి ఫిబ్రవరిలో పుట్టి ఉంటుంది, ఇంకోటి మే నెలలో. గినీస్ జరిగే మే మొదటి వారానికి మే చివర్లో పుట్టిన పిల్లకి ఇంకా మూడేళ్లు నిండవు! పైగా మధ్యలో శీతాకాలమంతా గడిచింది. అక్టోబర్‌లో రెండేళ్ల గుర్రాల డ్యూహర్స్ట్ రేసుని రెండు లెంగ్త్‌లతో గెలిచినది మేలో కూడా రెండు లెంగ్త్‌లు ముందుంటుందని లెక్కకట్టడం, పదో తరగతిలో ఫస్టొచ్చాడు కాబట్టి ఇంజినీరింగ్‌లో కూడా వాడే అనడం లాంటిది. ఒక్కోసారి నిజమే అవుతుంది. ఫ్రాంకెల్ 2010లో డ్యూహర్స్ట్ గెలిచి, 2011లో గినీస్‌కి 1/2 ధరతో వచ్చి, మొదటి నుంచీ ఎవరికీ అందనంత ముందుకి దూసుకుపోయి, ఆరు లెంగ్త్‌లతో గెలిచింది. అలాంటి రేసుకి ప్రివ్యూ రాయాలంటే ఏం రాయాలి? "ఇదే గెలుస్తుంది, వంద పెడితే యాభై వస్తుంది, నేనైతే పందెం వేయకుండా చూస్తాను" అని రాయాలి. పందెం వద్దు అని రాయడం కూడా ఎంపికే. నీ పద్నాలుగు రేసుల్లో కనీసం తొమ్మిదింటికి ఆ మాటే రాయాల్సింది.

2014 గినీస్ గురించి నీకు తెలిసే ఉంటుంది. కింగ్‌మన్ గ్రీనమ్‌లో నైట్ ఆఫ్ థండర్‌ని నాలుగున్నర లెంగ్త్‌లతో ఓడించి వచ్చింది. మళ్లీ అవే రెండూ ఎదురుపడితే రెండోదాన్ని ఎవరు ఎంచుకుంటారు? ధర 40/1. ఆ రోజు గుర్రాలు రెండు గుంపులుగా చీలి చెరో పక్కా పరుగెత్తాయి, కింగ్‌మన్ ఒక గుంపు, ఆస్ట్రేలియా ఇంకో గుంపు. నైట్ ఆఫ్ థండర్ చివర్లో అడ్డంగా జరుగుతూ జరుగుతూ దారి వెడల్పంతా దాటేసి కూడా అర లెంగ్త్‌తో గెలిచింది. కింగ్‌మన్ రెండు, ఆస్ట్రేలియా మూడు. ఆ ఏడాదే ఆస్ట్రేలియా డెర్బీ గెలిచింది. నేను ఆ రేసుకి రాసిన ప్రివ్యూ ఇప్పటికీ దాచుకున్నాను, అందులో గెలిచిన గుర్రానికి ఇచ్చింది సగం లైను. అయినా నాకు సిగ్గు లేదు దాని గురించి. సిగ్గుపడేది ఒక్క విషయానికే: ఆ వెడల్పాటి దారిలో గుంపులు చీలితే ఏమవుతుందో ఒక్క ముక్క కూడా రాయలేదు. ఏ గుంపులో వేగం పెంచే గుర్రాలు ఎక్కువున్నాయో గుర్రాలు బయల్దేరే గేటు నంబర్లు చూసి ఊహించవచ్చు, తప్పు కావచ్చు, కానీ పాఠకుడికి అదే కావాలి.

ఇలాంటివి చూసి పెద్ద ధరల మీద మోజు పెంచుకోకు. 2018లో 1000 గినీస్‌ని బిల్స్‌డన్ బ్రుక్ 66/1కి గెలిచింది, ఆ రేసు చరిత్రలోనే అంత ధరకి ఏదీ గెలవలేదు. తర్వాత వారం రోజులు "నేను ముందే అనుకున్నాను" అనేవాళ్లు ఎంతమంది తేలారో! అయిపోయిన పెళ్లికి బాజాలు. ముందే అనుకుంటే ముందే రాయాలి.

నా సొంత గొడవ ఒకటి చెబుతాను. ఒక ఆగస్టులో యార్క్‌లో జరిగే శనివారం రేసులకి బుధవారమే కూర్చుని రాసేశాను, గట్టి నేల మీద ముందుండి పరుగెత్తే గుర్రాన్ని ఆ రోజుకి న్యాప్‌గా, అంటే నా అతిగట్టి ఎంపికగా ఇచ్చాను. శుక్రవారం రాత్రి కుండపోత. నేల గుడ్ టు ఫర్మ్ (కాస్త గట్టి) నుంచి సాఫ్ట్ (మెత్తన) అయింది, దానికి ఎదురుపడాల్సినవి కొన్ని తప్పుకున్నాయి, కొత్తగా బురద ఇష్టపడేవి ఫేవరెట్లయ్యాయి. నా గుర్రం చివరి నుంచి రెండోది. ఒక పాఠకుడు రాశాడు: "మీరు రాసింది బుధవారం గుర్రం గురించి, పరుగెత్తింది శనివారం గుర్రం" అని. కోపం వచ్చింది, రెండు రోజులకి తగ్గింది, అప్పటి నుంచి ప్రతి ఎంపికలో ఒక "అయితేనే" ఉంటుంది. వాన పడకపోతేనే. ఫలానా గుర్రం తప్పుకోకపోతేనే. బ్రిటన్‌లో ఫ్లాట్ రేసులకి, అంటే కంచెలు దూకే పని లేనివాటికి, గుర్రాల పేర్లు నలభై ఎనిమిది గంటల ముందు ఖాయం చేస్తారు, శనివారానికైతే గురువారం ఉదయం పదింటికి. అంతకన్నా ముందు రాసేది ఏదైనా కాకిలెక్కే.

ఈచ్ వే, అంటే సగం డబ్బు గెలుపు మీద, సగం ప్లేస్ మీద (మొదటి కొన్ని స్థానాల్లో రావడం మీద), గురించి నువ్వు "సురక్షితమైన పందెం" అని రాశావు. ఆ మాట కొట్టెయ్. లెక్క చూపించు, జనానికి అది చాలు. 16/1 గుర్రం మీద ఐదు పౌండ్లు ఈచ్ వే అంటే పది పౌండ్లు ఖర్చు. ఎనిమిది అంతకన్నా ఎక్కువ గుర్రాలున్న మామూలు రేసులో సాధారణంగా మూడు స్థానాలకి, ధరలో ఐదో వంతు ఇస్తారు. మూడో స్థానం వస్తే గెలుపు ఐదు పోయింది, ప్లేస్ ఐదుకి పదహారు లాభం, అసలు ఐదు తిరిగి, చేతికి ఇరవై ఒకటి. బాగుంది. కానీ సరిగ్గా ఎనిమిదే ఉన్న రేసులో ఉదయం ఒకటి తప్పుకుంటే? ఏడు మిగులుతాయి, స్థానాలు రెండే, నీ మూడో గుర్రానికి సున్నా. మామూలుగా అప్పుడు ప్లేస్ వాటా నాలుగో వంతుకి పెరుగుతుందిలే, మూడో గుర్రానికి దానితో పనేముంది? సరిగ్గా ఎనిమిదే ఉన్న రేసుని డెడ్ ఎయిట్ అంటారు పందెం వేసేవాళ్లు, నేను నేర్చుకున్నది నా డబ్బుతోనే.

గుసగుసల జోలికి పోకు. "స్టేబుల్ నుంచి మాట వచ్చింది" అని ఎవరైనా చెవిలో ఊదితే, ఆ మాట నీ దాకా వచ్చేసరికి ధరలో ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది. నేను ఒకసారి అలాంటి మాట నమ్మి రాశాను, ఆ గుర్రం గేటు దగ్గరే మొండికేసింది. ఎవరు చెప్పారో చెప్పను, ఆయన ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తాడు.

ఒక నోటు పుస్తకం పెట్టు. ప్రతి ఎంపికా, నువ్వు రాసినప్పటి ధర, రేసు మొదలైనప్పటి ధర, ఫలితం. అన్నిటికీ ఒకే పాయింటు, అంటే సమానమైన పందెం. మూడు నెలల తర్వాత చూస్తే ఎన్ని గెలిచావన్నది ముఖ్యం కాదు, నువ్వు 8/1కి ఇచ్చినవి 5/1కి వస్తున్నాయా, 12/1కి పోతున్నాయా అన్నది చూడు. మొదటిదైతే నీ కన్ను పనిచేస్తున్నట్టు. మొత్తం లెక్క పాఠకులకీ చూపించు, నష్టంలో ఉన్నా సరే. చాలా నెలలు నష్టంలోనే ఉంటావు, ఆ సంగతి కూడా వాళ్లకి తెలియాలి, ఇంటి ఖర్చు డబ్బు పెట్టేవాడు మన పేరు చూసి పెట్టకూడదు.

భాష సంగతి ఎక్కువ చెప్పను, నీ తెలుగు బాగుంది. "విజృంభించింది" మాత్రం ఆరుసార్లు వాడావు. ఎలా పరుగెత్తిందో చెప్పు: వెనక నుంచి వచ్చిందా, చోటు దొరక్క ఆగిందా, ముందుండి అలసిపోయిందా. ఆ ఒక్క మాటలోనే సగం ఫామ్ ఉంటుంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది, ఆదివారం మొత్తం పక్కన పెట్టు. శనివారం కార్డులో, అంటే ఆ రోజు రేసుల జాబితాలో, నీకు నిజంగా అభిప్రాయం ఉన్న రెండు రేసులే తీసుకో. గురువారం పదింటికి పేర్లు, గేటు నంబర్లు వచ్చాక రాయి. ఎవరు ముందుంటారు, డిప్ దగ్గర ఎవరు తడబడతారు, వాన పడితే ఎవరు, ఏ ధర దాకా. సాయంత్రంలోపు పంపు, నేను చూసి అదే రాత్రి తిప్పి పంపుతాను. శుక్రవారం రాత్రి వాతావరణం చూశాకే పడుకో.

నీ అన్నయ్య