ఎల్లోస్టోన్ ప్రయాణంలో రైఫిల్ వెంట ఉండాలా?

డాలస్ నుంచి ఎల్లోస్టోన్ జాతీయ పార్కుకు కుటుంబంతో కారులో వెళ్తున్నామనీ, గ్రీన్ కార్డు వచ్చాక కొన్న రైఫిల్‌ను దారిలో భద్రతకూ ఎలుగుబంట్ల భయానికీ వెంట తీసుకువెళ్లాలా అనీ మీరు అడిగారు. మీరు వేటకు వెళ్లడం లేదు కనుక, దానిని ఇంట్లోనే తాళం వేసి పెట్టి బయలుదేరండి.

మా బావమరిది ఇదే దారిలో, ఇదే కారణం చెప్పి తన రైఫిల్ తెచ్చాడు. అతనిది ఎస్‌యూవీ. విడిగా ట్రంక్ లేని అటువంటి వాహనంలో రాష్ట్రాల సరిహద్దులు దాటేటప్పుడు ఆయా రాష్ట్రాల తుపాకీ చట్టాల నుంచి 1986 నాటి సమాఖ్య చట్టం కల్పించే రక్షణ దక్కాలంటే, తుపాకీలో తూటాలు ఉండకూడదు. తుపాకీ, తూటాలు రెండూ తాళం వేసిన పెట్టెలో ఉండాలి. గ్లవ్ బాక్సు, సీట్ల మధ్య కన్సోలు అందుకు చెల్లవు. అంటే దారిలో ఎవరైనా మీద పడితే, మీరు కారు ఆపి, వెనక తలుపు ఎత్తి, తాళం తీసి, తూటాలు నింపే దాకా ఆ దొంగ ఓపికగా నిలబడి ఉండాలన్నమాట.

అతని కారులో హెచ్-1బి మీద ఉన్న స్నేహితుడొకడు ఉన్నాడు. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, అటువంటి వీసాదారుల దగ్గర తుపాకీ ఉండడమే సమాఖ్య చట్టం ప్రకారం నేరం. అందుచేత కారును ఆ అబ్బాయికి వదలి, తాను మా కారులో కాసేపు కునుకు తీయడానికి కూడా మా బావమరిదికి ధైర్యం చాలలేదు. అమరిల్లో నుంచి రాటన్ కనుమ మీదుగా డెన్వర్ దాకా ఎర్రబడ్డ కళ్లతో తానే నడిపాడు. రాత్రి మోటెల్‌లో అతని భార్య రైస్ కుక్కరు, ఆవకాయ సీసాలు, నిద్రపోతున్న పిల్లను మోసుకుపోతుంటే, ఈయన మాత్రం ఆ పొడవాటి పెట్టెను పసిబిడ్డలా ఎత్తుకుని మెట్లెక్కాడు. కారులో వదిలేద్దామంటే దొంగల భయం. పైగా 2025 నుంచి కొలరాడోలో మనుషులు లేని వాహనంలో తుపాకీని ఎలా భద్రపరచాలో చెప్పే చట్టం వేరే ఉంది. అక్కడ 15 తూటాలకు మించి పట్టే మ్యాగజైన్లు 2013 నుంచే నిషిద్ధం. ఈ సంగతులేవీ తెలియకుండానే మన వాట్సాప్ గుంపుల్లో "ఏం ఫర్వాలేదు, తీసుకెళ్లండి" అని ధీమాగా చెప్పే పెద్దమనుషులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

2010 ఫిబ్రవరి నుంచి జాతీయ పార్కుల్లో ఆయా రాష్ట్రాల చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవచ్చన్నది నిజమే. అయితే విజిటర్ సెంటర్ల వంటి సమాఖ్య భవనాల్లోకి దానిని తీసుకుపోకూడదు. మేమంతా ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర వేడినీరు ఆకాశానికి ఎగజిమ్మడం చూస్తుంటే, మా బావమరిది పార్కింగ్‌లో కారుకు కాపలా కూర్చున్నాడు. మళ్లీ ఎగజిమ్మడానికి గంటన్నర పడుతుందని తెలిసి, పిల్లలు ఆకలికి ఆగలేక, అతనికి ఆ దృశ్యం చూపించకుండానే తిరిగి వచ్చేశాము.

ఎలుగుబంట్ల విషయానికి వస్తే, పార్కు వారే బేర్ స్ప్రే, అంటే మీదికి వచ్చే ఎలుగుబంటిపై చిమ్మే ఘాటైన కారపు స్ప్రే, దగ్గర ఉంచుకోమని చెబుతారు. ఎలుగుబంట్లకూ తోడేళ్లకూ 100 గజాలు, బైసన్ అనే అడవిదున్నకు 25 గజాలు దూరం పాటించేవారికి సాధారణంగా అదీ వాడవలసిన పని పడదు. సెల్ఫీ కోసం బైసన్ ముక్కు దాకా వెళ్లేవారిని ఏ రైఫిలూ కాపాడలేదు.

వేటకే వెళ్తున్నట్లయితే ఈ శ్రమంతా పడవచ్చు, అప్పుడు ఆ రాష్ట్రపు వేట లైసెన్సు తీసుకోండి. ఇదే ధైర్యంతో వచ్చే ఏడాది ఎడిసన్‌లోని చుట్టాలింటికి మాత్రం దానిని తీసుకువెళ్లకండి, ఎందుకంటే న్యూజెర్సీ చట్టాలు చాలా కఠినమైనవి, అక్కడ మకాం వేసిన వారికి ఆ 1986 చట్టం అండగా నిలుస్తుందన్న భరోసా లేదు. ప్రస్తుతానికి బేర్ స్ప్రే కొనుక్కోండి, దానిని ఎండలో ఆపిన కారులో మాత్రం వదలకండి, వేడికి డబ్బా పేలవచ్చు.