మీ వీధి పిజ్జా కొట్టు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఒక్క ఓవెన్‌తో, ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే చిన్న పిజ్జా కొట్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్ర: మామూలు రోజుల్లో మా వీధి కొట్టు పిజ్జా బాగుంటుంది. ఆదివారం రాత్రి తెస్తే మాత్రం నడుమ పచ్చిగా ఉంటుంది, ముక్క ఎత్తితే వేలాడిపోతుంది. చేసే మనిషి అతనే, ధరా అంతే. ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జ: చిన్న కొట్లలో ఎక్కువగా కనిపించేది ఒకటి రెండు అరల డెక్ ఓవెన్, అంటే అరల అడుగున రాతిపలక ఉండే ఓవెన్. ఆ రాయి 280 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే పది అంగుళాల పిజ్జా 6 నుంచి 8 నిమిషాల్లో కాలుతుంది. తలుపు తీసిన ప్రతిసారీ వేడి బయటికి పోతుంది. లోపల పెట్టిన ప్రతి పచ్చి పిజ్జా రాయిలోని వేడిని లాగేసుకుంటుంది. ఆదివారం ఏడున్నర దాటాక ఆర్డర్లు వరసగా పడుతుంటే ఆ రాయి మళ్లీ వేడెక్కడానికి సమయం చిక్కదు. పైనున్న కాయిల్ మాత్రం ఎర్రగానే ఉంటుంది కాబట్టి చీజ్ రంగు తిరుగుతుంది. అది చూసి అయిపోయిందనుకుని తీసేస్తారు. పైన కాలింది, కింద కాలలేదు.

రెండో కారణం పిండి. పది అంగుళాల పిజ్జాకు 220 నుంచి 250 గ్రాముల ముద్ద పడుతుంది. దాన్ని ఫ్రిజ్‌లోంచి కనీసం గంట ముందు బయటపెట్టాలి. బయటపెట్టినవి అయిపోయాక చల్లటి ముద్దను తీసి అప్పటికప్పుడు వత్తితే అది సాగదు, సాగినా వెనక్కి ముడుచుకుంటుంది. నడుమ మందంగా మిగిలిపోతుంది, ఆ మందమే పచ్చిగా దిగుతుంది. దానిమీద సాస్ 80 గ్రాములు దాటినా, ఉల్లి, టమాటా, క్యాప్సికం గుప్పించినా వాటి నీరంతా అక్కడే ఊరుతుంది. 'ఎక్స్‌ట్రా టాపింగ్' అడిగేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తేడా మీరే కనిపెట్టవచ్చు. ముక్కను తిరగేసి అడుగు చూడండి. గోధుమరంగు మచ్చలుంటే రాయి వేడిగా ఉన్నట్టు. అడుగు తెల్లగా ఉండి పైన చీజ్ మాడితే రాయి చల్లారినట్టు. అడుగు బాగా కాలి, సాస్ కింద మాత్రం తడిగా మెరిసే పచ్చి పొర కనబడితే తప్పు మందానిది, లేదా టాపింగ్‌ది. అడుగంతా మాడి చేదెక్కితే చాలాసార్లు తప్పు పిజ్జాది కాదు, రాయి మీద తుడవకుండా వదిలేసిన పాత పిండిది.

మే నెలలో ఇంకో తంటా ఉంది. మీ తీరప్రాంతపు ఉక్కలో పిండి రెండు మూడు గంటలు బయటుంటే చాలు, పొంగి పొంగి కుంగిపోతుంది. ఈస్ట్ అందులోని చక్కెరను తినేస్తుంది కనుక అలాంటి బేస్ ఎంతసేపు కాల్చినా సరిగా రంగు రాదు. పులిసిన వాసన వేస్తుంది, కొరికితే చప్పగా ఉంటుంది.

'బాలేదు' అని ఊరుకుంటే పిజ్జా చేసే ఆయనకేమీ తెలియదు. 'అడుగు తెల్లగా ఉంది, నడుమ పచ్చి' అని చెప్పండి, కుదిరితే అడుగు ఫొటో చూపించండి. ఏం సరిచేయాలో పనివాడికి ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. ఆదివారమే తినాలనుకుంటే ఏడులోపు చెప్పండి, టాపింగులు రెండుకు మించనివ్వకండి, 'ఇంకో నిమిషం బాగా కాల్చండి' అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే అనండి.

ప్ర: చీజ్ తీగలా సాగితే అసలుది, సాగకపోతే నకిలీ అంటున్నారు. అయోడిన్ చుక్క వేసి చూడమని కూడా ఎవరో చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జ: రెండూ నమ్మదగ్గవి కావు. పామాయిల్, పిండిపదార్థాలు కలిపి చేసే అనలాగ్‌ను, అంటే చీజ్‌లా కనిపించే నకలును కూడా సాగేలా తయారుచేస్తారు. అసలైన మొజరెల్లా చల్లారితే సాగడం మానేస్తుంది. అయోడిన్ పిండిపదార్థాన్ని మాత్రమే పట్టిస్తుంది. తురిమి అమ్మే నిజమైన మొజరెల్లాకు కూడా ముక్కలు అంటుకోకుండా పిండి చల్లుతారు కాబట్టి నీలం తిరిగినంత మాత్రాన నకిలీ అనలేం.

పక్కా దారి ప్యాకెట్ చూడటమే. లేబుల్ మీద పదార్థాలను బరువు ఎక్కువున్నదానితో మొదలుపెట్టి వరసగా రాయాలి. పాలు, కల్చర్ (పాలను పులియబెట్టే తోడు), ఉప్పు, ఎంజైమ్ అని ఉంటే చీజ్. మొదటి రెండు మూడు మాటల్లోనే వంటనూనె, స్టార్చ్ కనబడితే అనలాగ్. చాలా కొట్లు రెండూ కలిపి వాడతాయి. అనలాగ్ వాడటం నేరం కాదు గానీ మెనూలో మొజరెల్లా అని రాసి అది వేయడం మోసమే. 'ఏ కంపెనీ చీజ్ వాడతారండీ, ప్యాకెట్ ఒకసారి చూపిస్తారా?' అని మర్యాదగా అడగండి. సరైన సరుకు వాడేవాళ్లు దాచరు.

ప్ర: పది అంగుళాలది ఒకటి కొనేకంటే ఏడు అంగుళాలవి రెండు కొంటే ఎక్కువ వస్తుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జ: రాదు. ఏడు అంగుళాలవి రెండు కలిపి 77 చదరపు అంగుళాలు, పదిది ఒక్కటే 78.5. పైగా చుట్టూ ముప్పావు అంగుళం ఉత్త అంచు పోతుంది. అది తీసేస్తే రెండు చిన్నవాటిలో టాపింగ్ ఉండే మేర 47.5, పెద్దదానిలో 57. ధర ఒకటే అయితే పెద్దదే కొనండి.

ప్ర: కొట్లో తింటే కరకరలాడుతుంది, ఇంటికి తెచ్చేసరికి మెత్తబడి పైదంతా ఒక పక్కకు జారిపోతుంది. దారి పది నిమిషాలే.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జ: ఓవెన్‌లోంచి తీయగానే పెట్టె మూసేస్తే ఇడ్లీ పాత్రలోలాగే ఆవిరి మూతకు పట్టి మళ్లీ పిజ్జా మీదే కారుతుంది. తీగల జాలీ మీద ఒకటి రెండు నిమిషాలు ఆరనిచ్చి పెట్టెలో పెట్టమనండి, పెట్టె పక్కనున్న గాలి రంధ్రాలు నొక్కి తెరవమనండి. ముక్కలు కోయకుండా ఇమ్మంటే ఇంకా మంచిది. కోసిన గాట్లలోంచి సాస్ అడుక్కి దిగి అట్టను, బేస్‌ను రెండింటినీ నానబెడుతుంది. ఇంటికొచ్చాక మీరే కోసుకోండి. స్కూటర్ హుక్కుకు కవర్ తగిలిస్తే పెట్టె నిలువుగా వేలాడుతుంది, మీ టాపింగ్ జారేది అక్కడే. కాళ్ల దగ్గర పడుకోబెట్టి తీసుకురండి.

మెత్తబడ్డదాన్ని మైక్రోవేవ్‌లో పెట్టకండి, తోలులా సాగుతుంది. మందపాటి పెనం మీద నూనె లేకుండా సన్నటి సెగన రెండు మూడు నిమిషాలు ఉంచండి. అడుగు గట్టిపడ్డాక పెనం అంచున అర చెంచా నీళ్లు చిలకరించి నిమిషం మూత పెట్టండి. అడుగు కరకరలాడుతుంది, చీజ్ కరుగుతుంది. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

ప్ర: బిల్లులో జీఎస్టీ వేశారు, నంబర్ మాత్రం లేదు. అడిగితే 'అందరూ వేస్తారు' అన్నారు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జ: నంబర్ లేకుండా జీఎస్టీ వసూలు చేయకూడదు. మామూలు రెస్టారెంటుకు పన్ను 5 శాతం. బిల్లు మీద 15 అక్షరాల నంబర్ ఉండాలి, అది ఆంధ్రప్రదేశ్‌లో 37తో, తెలంగాణలో 36తో మొదలవుతుంది. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు తేలిక పద్ధతిలో పన్ను కట్టే ఏర్పాటు) ఉన్న కొట్టు పన్ను తన జేబులోంచే కట్టాలి, మీ దగ్గర తీసుకోకూడదు. అయితే అదే కొట్టు నుంచి యాప్‌లో తెప్పిస్తే జీఎస్టీ పడుతుంది, అది తప్పు కాదు. 2022 జనవరి 1 నుంచి ఆ పన్ను కట్టే బాధ్యత యాప్‌లదే. అదే తేదీ నుంచి బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబర్ కూడా ఉండాలి. మాట వినకపోతే బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ప్ర: మేం శాకాహారులం. చికెన్ పిజ్జా కోసిన చక్రంతోనే మాదీ కోస్తున్నారు. గార్లిక్ బ్రెడ్‌తో ఇచ్చే తెల్ల డిప్ గిన్నె పొద్దుటి నుంచి బల్ల మీదే ఉంటుంది.
– ఒక పాఠకురాలు, వరంగల్

జ: ఓవెన్ ఒకటే ఉంటే మార్చలేరు గానీ చక్రం, కోసే పలక, గ్లోవ్స్ వేరుగా పెట్టడం చిన్న కొట్టుకూ పెద్ద ఖర్చు కాదు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి, కోసేటప్పుడు చెబితే ఆలస్యం. పిజ్జాను రాయి మీద నేరుగా కాకుండా కడిగిన అల్యూమినియం స్క్రీన్ (జాలీ పళ్లెం) మీద పెట్టి కాల్చమని కూడా అడగొచ్చు.

డిప్ మాత్రం వద్దే వద్దు. ఇలాంటి తెల్ల డిప్ చాలాసార్లు మయొనీజే. పచ్చి గుడ్డుతో చేసిన మయొనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. గుడ్డు లేనిదైనా సరే, సీసా తెరిచాక ఫ్రిజ్‌లోనే ఉండాలి. పొద్దుటి నుంచి బయటున్న గిన్నెలోది తీసుకోకండి. సీల్ వేసిన సాషే ఇమ్మనండి, దానిమీద పచ్చచుక్క చూసుకోండి.