ఆప్టిక్స్ పాఠం చెప్పబోతున్న శిష్యురాలికి

హన్మకొండ

చిరంజీవి బిడ్డకు,

ఆశీస్సులు. డిగ్రీ కాలేజీలో చేరిన మొదటి ఏడే ఆప్టిక్స్ పేపరూ, దాని ల్యాబూ రెండూ నీకే అప్పగించారని, నా పాత నోట్సు పంపమని రాశావు. నోట్సు పంపను. సూత్రాల నిరూపణలు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతాయి. వాటికి బదులు, ఏది ముందు చూపించి, ఎక్కడ కాసేపు ఆగితే ఆ పేపరు పిల్లలకు పట్టుబడుతుందో రాస్తున్నాను. సిలబస్‌లో వ్యతికరణం (తరంగాలు కలిసి బలపడటం, రద్దవడం), వివర్తనం (అంచుల దగ్గర, సన్నని చీలికల్లో కాంతి పరుచుకోవడం), ధ్రువణం (కంపనాలు ఒకే దిశకు పరిమితమవడం) వేర్వేరు యూనిట్లుగా ఉంటాయి. కటకాలు, ప్రతిబింబాలు ఇంటర్‌లోనే కిరణ చిత్రాలతో అయిపోయాయని అందరూ అనుకుంటారు. నా దృష్టిలో ఇవన్నీ ఒకే పాఠం. కటకం ప్రతిబింబాన్ని ఏర్పరచడం కూడా వ్యతికరణమేనన్న చోటికి పిల్లలను చేర్చాలి. మొదటి రోజు నుంచే నీ బోధన ఆ వైపు నడవాలి.

మొదటి క్లాసులో బోర్డు మీద ఒక్క సమీకరణం కూడా రాయకు. మైక్రోస్కోపు స్లైడు ఒకటి తీసుకొని కొవ్వొత్తి మసి పట్టించు. గడ్డం గీసుకునే పలుచని బ్లేడ్లు రెండింటిని జతగా నొక్కిపట్టి, ఆ మసి మీద ఒకేసారి గీయి. బ్లేడు మందం సుమారు 0.1 మి.మీ. ఉంటుంది కాబట్టి రెండు చీలికల మధ్య దూరం కూడా అంతే వస్తుంది. తరువాత ఒక్క బ్లేడు కొసతో ఆ రెండు గీతల్లో ఒకదానిని మాత్రం ఇంకో సెంటీమీటరు కిందికి పొడిగించు. ఈ పొడిగింపులోనే పాఠమంతా ఉంది. ఎర్ర లేజరు పాయింటరును స్టాండుకు బిగించి, స్లైడు గుండా రెండు మీటర్ల దూరంలోని గోడ మీద వేస్తే, తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు అనుకున్నప్పుడు, వెలుగు, చీకటి పట్టీలు సుమారు 13 మి.మీ. ఎడంతో కనిపిస్తాయి. ఒక నల్లని పట్టీ మీద పెన్సిలుతో గుర్తు పెట్టించు. ఇప్పుడు స్లైడును మెల్లగా పైకి జరిపితే, లేజరు పుంజం రెండు గీతలున్న చోటు నుంచి ఒక్క గీతే ఉన్న చోటికి వస్తుంది. పట్టీలు చెదిరిపోయి, గుర్తు పెట్టిన ఆ నల్లని చోట వెలుగు పడుతుంది. ఒక దారి మూసేస్తే అక్కడికి వెలుగు వచ్చిందంటే, రెండు దారులూ తెరిచి ఉన్నప్పుడు రెండు వెలుగులు కలిసి అక్కడ చీకటి చేశాయన్నమాట. పిల్లలు దీన్ని కళ్లతో చూడాలి, తమ చేత్తో స్లైడు జరిపి చూడాలి. పథభేదం, అంటే రెండు దారుల పొడవుల్లో తేడా, అనే మాట ఆ తరువాతే రావాలి.

చీకటి పడిన చోట ఉండాల్సిన శక్తి ఏమైందని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఎవరూ అడగకపోతే నువ్వే అడుగు. వెలుగు పట్టీ నడుమ కంపన పరిమితి (తరంగం ఎత్తు) రెట్టింపు అవుతుంది కాబట్టి తీవ్రత నాలుగు రెట్లవుతుంది, చీకటి పట్టీ నడుమ అది సున్నా, సగటు తీస్తే రెండు రెట్లే. శక్తి ఎక్కడా పోలేదు, పంపకం మారింది, అంతే.

చరిత్ర చెప్పాలనుకుంటే, జంట చీలికల ప్రయోగానికి పేరుపడ్డ థామస్ యంగ్ అసలు ఏం చేశాడో చెప్పు. 1803లో ఆయన రాయల్ సొసైటీకి వివరించిన ప్రయోగంలో రెండు చీలికలు లేవు. కిటికీ రంధ్రం నుంచి వచ్చే సూర్యకాంతికి అడ్డంగా, అంగుళంలో ముప్పయ్యో వంతు వెడల్పున్న సన్నని కార్డు ముక్కను పెట్టి, దాని నీడలో పట్టీలు చూశాడు. కార్డుకు ఒక పక్క నుంచి వచ్చే కాంతిని ఆపగానే నీడలోని పట్టీలు మాయమయ్యాయి. నీ స్లైడు చేసేదీ అదే పని.

రెండు ట్యూబులైట్లు పక్కపక్కనే వెలుగుతున్నా గోడ మీద పట్టీలు ఎందుకు రావన్నది సంబద్ధత పాఠం, అంటే రెండు తరంగాల నడుమ దశాభేదం స్థిరంగా నిలవడం గురించిన పాఠం. ఒక్కో పరమాణువు కాంతిని విడుదల చేసే వ్యవధి సెకనులో పది కోట్లవ వంతు స్థాయిది. అంత తొందరగా దశలు మారిపోయే రెండు వేర్వేరు దీపాల నడుమ స్థిరమైన దశాభేదం నిలవదు. అందుకే ఒకే తరంగాన్ని రెండుగా చీల్చి మళ్లీ కలపాలి. ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర లేదు, ల్యాబులో న్యూటన్ వలయాలు చేసేటప్పుడు ఈ మాట మళ్లీ వస్తుంది.

కటకాన్ని గాజు పలక మీద ఆనిస్తే మధ్యలోని గాలి పొర వల్ల కనిపించే వలయాలవి. ఆ ప్రయోగం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే రికార్డులన్నీ పాడయ్యేది అక్కడే. సోడియం దీపం వేయగానే మొదట నియాన్ వల్ల ఎర్రగా వెలుగుతుంది, పూర్తి పసుపుకు రావడానికి పది నిమిషాలు పడుతుంది. కాబట్టి హాజరు తీసుకునే ముందే వేయించు, మధ్యలో ఆర్పనివ్వకు. కటకాన్ని, గాజు పలకను స్పిరిటుతో తుడిపించు. నడిమి మచ్చ నల్లగా ఉండాలి. గాలి పొరకు పైఅంచు దగ్గర కలగని దశమార్పు కింది అంచు దగ్గర పరావర్తనంలో కలుగుతుంది కాబట్టి, పొర మందం సున్నా అయిన చోట రెండు తరంగాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నడుమ వెలుగు కనిపిస్తే మధ్యలో దుమ్ము ఉందని అర్థం. ట్రావెలింగ్ మైక్రోస్కోపును ఎడమ వైపు ఇరవయ్యో వలయం దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి కుడి వైపు ఇరవయ్యో వలయం దాకా ఒకే దిశలో తిప్పించు. మధ్యలో వెనక్కి తిప్పితే మర వదులు రీడింగులోకి వచ్చేస్తుంది. ఒక మీటరు వక్రతా వ్యాసార్ధమున్న కటకానికి పదో వలయం వ్యాసం 4.9 మి.మీ. దగ్గర రావాలి. గాజు నొక్కుకుపోయే చోటు కాబట్టి నడిమి రెండు మూడు వలయాలు వదిలేసి, వ్యాసం వర్గానికి, వలయం సంఖ్యకు గ్రాఫు గీయించి, వాలు నుంచే తరంగదైర్ఘ్యం తీయించు.

ఇక అసలు సంగతి. కటకం వక్రతా వ్యాసార్ధాన్ని స్ఫెరోమీటరుతో (మూడు కాళ్లు, నడుమ మర ఉన్న పరికరం) కొలుస్తారు కదా. కాళ్ల మధ్య దూరం 4 సెం.మీ., వ్యాసార్ధం 100 సెం.మీ. అయితే మర కదలిక 0.27 మి.మీ. మాత్రమే, పరికరం కనీసపు కొలత 0.01 మి.మీ. అంటే అక్కడే దాదాపు నాలుగు శాతం అనిశ్చితి వచ్చేసింది. అలాంటప్పుడు జవాబు అచ్చంగా పుస్తకంలోని సోడియం విలువ 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు రాసినవాడి రికార్డునే ముందు అనుమానించు. 5700 వచ్చి, ఎందుకు వచ్చిందో చెప్పగలిగినవాడికి పూర్తి మార్కులు వెయ్యి. కచ్చితమైన విలువ కావాలంటే గ్రేటింగు (దగ్గర దగ్గరగా సన్నని గీతలు గీసిన పలక) ఉంది. అంగుళానికి 15,000 గీతలున్న గ్రేటింగుతో రెండో శ్రేణిలో, 44 డిగ్రీల దగ్గర, 589.0, 589.6 నానోమీటర్ల సోడియం గీతలు రెండూ మూడు నిమిషాలకు పైగా కోణంతో విడిపోతాయి. నిమిషం చదవగల స్పెక్ట్రోమీటరుకు అది చాలు. వైవాలో అడగడానికి ఒక మంచి ప్రశ్న: కటకానికీ పలకకూ మధ్య నీళ్లు పోస్తే వలయాలు ఏమవుతాయి? వ్యాసాలు 0.87 వంతుకు కుంచించుకుపోతాయని లెక్క వేసి చెప్పినవాడికి వ్యతికరణం వచ్చినట్టే. ఒక మాట, కాంతిని కణాలుగానే నమ్మిన న్యూటన్ పేరు తరంగ సిద్ధాంతానికి ఇంత బలమైన సాక్ష్యానికి అంటుకోవడం నాకు ఎప్పుడూ విచిత్రంగానే తోస్తుంది.

వ్యతికరణం అయిపోగానే పిల్లలను ఒక్కటి అడుగు. ధ్వనికి కూడా వ్యతికరణం ఉంది, మరి కాంతి ధ్వనిలా అనుదైర్ఘ్య తరంగమా, అంటే కంపనాలు సాగే దిశలోనే ఉంటాయా? పట్టీలు ఎన్ని చూసినా దీనికి జవాబు రాదు, ధ్రువణం చూస్తేనే వస్తుంది. పరస్పరం లంబంగా ధ్రువణం చెందిన రెండు పుంజాలు పట్టీలు ఏర్పరచవని ఫ్రెనెల్, అరాగో కనుగొన్నాకే కాంతి తిర్యక్ తరంగమన్న (కంపనాలు సాగే దిశకు అడ్డంగా ఉంటాయన్న) నిర్ణయానికి బలం వచ్చింది. రెండు యూనిట్లనూ కలిపే ముడి ఇదే, దీన్ని దాటవేయవద్దు.

చూపించడానికి, ఒకే దిశలోని కంపనాలను పోనిచ్చే పోలరాయిడ్ పలకలు మూడు చాలు. రెండింటిని అడ్డంగా తిప్పి చీకటి చేసి, వాటి నడుమ మూడోదాన్ని 45 డిగ్రీల కోణంలో దూర్చితే వెలుగు వస్తుంది. అడ్డు పెంచితే వెలుగు పెరగడం చూసి క్లాసు కదులుతుంది. మాలస్ నియమం (దాటే తీవ్రత కోణం కొసైన్ వర్గాన్ని బట్టి ఉంటుంది) ప్రకారం మొదటి పలక దాటిన కాంతిలో నాలుగో వంతు బయటికి రావాలి, లెక్క వాళ్ల చేతనే చేయించు. మాలస్ ప్రయోగాన్ని లేజరుతో మాత్రం చేయించకు, పాయింటరు కాంతి తరచుగా ముందే ధ్రువణం చెంది ఉంటుంది, రీడింగులన్నీ పక్కకు పోతాయి. మామూలు బల్బు పెట్టు, ఫోటోసెల్ మీద గది వెలుగు వల్ల వచ్చే విద్యుత్తును ముందు కొలిచి తీసివేయించు.

మాలస్ 1808లో పారిస్‌లో, లక్సెంబర్గ్ భవనం కిటికీ అద్దాల మీద మెరిసే సాయంకాలపు సూర్యుణ్ణి, ఒకదాన్ని రెండుగా చూపే కాల్సైటు స్ఫటికం గుండా చూస్తూ, స్ఫటికాన్ని తిప్పినప్పుడు రెండు ప్రతిబింబాల్లో ఒకటి మసకబారడం గమనించాడు. మనకు పారిస్ దాకా పోవలసిన పని లేదు. పిల్లలను వేయి స్తంభాల గుడికి తీసుకుపో. అక్కడి నునుపు పట్టిన నల్లరాతి స్తంభం మీద తళుకు కనిపించే చోట, లంబానికి 57 డిగ్రీల వాలులో నిలబడి, పోలరాయిడ్ తిప్పుతూ చూడమను. ఒక స్థానంలో తళుకు పోయి రాతి నలుపు తేటపడుతుంది. తరువాత భద్రకాళి చెరువు గట్టు మీద, నీటి మట్టానికి 37 డిగ్రీల కోణంలో చూపు వాల్చి అదే చేయించు. చెరువు తళుకును ఆపిన స్థానంలోనే పోలరాయిడ్‌ను ఉంచితే నిటారు స్తంభం తళుకు ఆగదు, దాన్ని తొంభై డిగ్రీలు తిప్పాలి. నీటి మీద కంపనాలు అడ్డంగా, స్తంభం మీద నిలువుగా ఉండటమే కారణం. ఎందుకో వాళ్లనే బొమ్మ గీసి చెప్పమను.

ఇప్పుడు ప్రతిబింబం. కిరణ చిత్రం అబద్ధం కాదు, కానీ సగమే నిజం. వస్తువు మీది ఒక బిందువు నుంచి బయలుదేరిన తరంగం కటకమంతా పరుచుకుంటుంది. అంచు గుండా పోయే దారి పొడవు ఎక్కువ, నడుమ గుండా పోయేదానికి గాజు మందం ఎక్కువ, గాజులో వేగం తక్కువ. అన్ని దారులకూ పట్టే కాలం సమానమయ్యే చోట తరంగాలన్నీ ఒకే దశలో కలుస్తాయి. అక్కడే ప్రతిబింబ బిందువు. ఆ చోటు చుట్టూ అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అంటే ప్రతిబింబ బిందువు ఒక వెలుగు పట్టీ లాంటిదే, దానికీ ఒక వెడల్పు ఉంటుంది, కటకం ఎంత వెడల్పైతే అది అంత సన్నబడుతుంది.

దీన్ని నోటితో చెప్పి వదిలేయకు. సిరిసిల్లలో నేసిన పలుచని పాలిస్టర్ గుడ్డ ముక్కను చట్రానికి బిగించి లేజరు ముందు పెట్టు. రెండు మీటర్ల దూరంలోని గోడ మీద చుక్కల వల ఒకటి కనిపిస్తుంది. దారాల ఎడం 0.2 మి.మీ. అయితే చుక్కల ఎడం ఆరున్నర మిల్లీమీటర్లు. గుడ్డ ఎంత సన్నమైతే చుక్కలు అంత దూరం జరుగుతాయి. ఇప్పుడు గుడ్డకు 21.4 సెం.మీ. అవతల 20 సెం.మీ. నాభ్యంతరమున్న కటకం పెడితే, మూడు మీటర్ల దూరంలోని గోడ మీద దారాల ప్రతిబింబం పద్నాలుగు రెట్లు పెద్దదిగా పడుతుంది. కటకం దాటిన 20 సెం.మీ. దగ్గర, నాభీయ తలంలో, అవే చుక్కలు 0.65 మి.మీ. ఎడంతో సన్నగా కూర్చుని ఉంటాయి. కాగితం అడ్డం పెట్టి ఆ చోటు వాళ్లతోనే వెతికించు. అక్కడ రెండు బ్లేడ్లతో చేసిన సన్నని చీలికను అడ్డంగా పెట్టి, నడిమి అడ్డ వరుస చుక్కలను మాత్రమే పోనిస్తే, గోడ మీద నిలువు దారాలు మాత్రమే మిగులుతాయి, అడ్డ దారాలు ఆనవాలు లేకుండా పోతాయి. చీలికను 45 డిగ్రీలు తిప్పితే, గుడ్డలో ఎక్కడా లేని ఏటవాలు దారాలు గోడ మీద కనిపిస్తాయి. జర్మనీలోని యేనాలో అబ్బే 1873లో చెప్పినది ఇదే: వస్తువు కాంతిని చుక్కలుగా వివర్తనం చేస్తుంది, ఆ చుక్కల నుంచి వచ్చే తరంగాలు మళ్లీ వ్యతికరణం చెంది ప్రతిబింబాన్ని కడతాయి, ఏ చుక్క కటకంలోకి రాలేదో ఆ వివరం ప్రతిబింబంలో లేనట్టే. ఈ ఒక్క ప్రయోగానికి రెండు పూటలు పోయినా సిలబస్ వెనకబడుతుందని భయపడకు, పృథక్కరణ సామర్థ్యం (దగ్గరి వివరాలను విడదీసి చూపే శక్తి) యూనిట్ సగం ఇందులోనే అయిపోతుంది. ఆ తరువాత జువాలజీ వాళ్ల మైక్రోస్కోపు ఒకటి అడిగి తెచ్చి, 40 రెట్ల వస్తు కటకం మీద రాసి ఉన్న 0.65 అంకె చూపించు, కటకం ఎంత వెడల్పైన కాంతి శంకువును లోపలికి తీసుకుంటుందో చెప్పే అంకె అది. ఆకుపచ్చ కాంతిలో అది విడదీయగలిగేది 0.42 మైక్రోమీటర్ల దాకానే, అక్షి కటకాన్ని పదికి బదులు ఇరవై రెట్లది వేస్తే బొమ్మ పెద్దదవుతుంది గానీ కొత్త వివరమేదీ రాదు.

లేజరు విషయంలో ఒక్క కట్టడి పాటించు. ఒక మిల్లీవాట్ దాటని పాయింటరే కొను. పుంజం ఎత్తు కూర్చున్నవాళ్ల కళ్ల మట్టానికి రాకుండా బల్లలు సర్ది, ఉంగరాలు, వాచీలు తీయించాకే స్విచ్ వేయించు. స్ఫెరోమీటరు కాళ్ల మధ్య దూరం, నీ ల్యాబులోని గ్రేటింగుల మీద ఉన్న గీతల సంఖ్య, గది పొడవు ఎంతో రాసి పంపు. గుడ్డ ప్రయోగానికి ఏ కటకం కొనాలో వాటిని చూసి చెబుతాను. పోలరాయిడ్ పలకలు నా దగ్గర మిగిలి ఉన్నాయి, ఈ వారంలో ఎవరైనా అటు వచ్చేవారుంటే వాళ్ల చేతికిచ్చి పంపిస్తాను.

ఇట్లు,
నీ సారు