బ్రిటన్ చర్చిల్లో మూడు తరాలూ ఒకే వరుసలో: కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకు కొన్ని మాటలు

బ్రిటన్‌కు కొత్తగా వచ్చిన తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఇల్లు, బడి, డాక్టరు దగ్గర పేరు నమోదు వంటి పనులు ఒక కొలిక్కి వచ్చాక దాదాపు ఒకే సందేహం అడుగుతుంటారు. ఇక్కడి చర్చిలో మొదటి పాట అయిపోగానే పిల్లలను వేరే గదికి తీసుకుపోతున్నారు, పంపాలా, మన దగ్గరే కూర్చోబెట్టుకోవాలా అన్నదే ఆ సందేహం. దాని వెంటనే ఇంకొకటి వస్తుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఇంగ్లీషు ప్రసంగం అర్థం కాదు, ఇక్కడ పెరుగుతున్న పిల్లలకు తెలుగు ప్రసంగం అంతుపట్టదు, అలాంటప్పుడు ఏ చర్చికి వెళ్ళాలి?

నా అభిప్రాయం ముందే చెబుతాను. మీరు ఏ సంఘాన్ని ఎంచుకున్నా, ఇంట్లో ఉన్న తరాలన్నీ ఒకే ఆరాధనలో, ఒకరి పాట ఒకరికి వినబడేంత దగ్గరలో కూర్చునే సమయం ప్రతి వారం కొంతైనా ఉండాలి. పిల్లలకు వారి వయసుకు తగిన బోధ విడిగా జరగడం మంచిదే. కానీ పెద్దలు ఆరాధించుకునేటప్పుడు తమను దింపి వెళ్ళే చోటే చర్చి అన్న భావన వారికి చిన్నప్పుడే కలిగితే, పదమూడో ఏటనో పద్నాలుగో ఏటనో వారిని తిరిగి ఆ వరుసలో కూర్చోబెట్టడం చాలా కష్టమవుతుంది.

మన ఊళ్ళలో ఈ ప్రశ్నే పుట్టదు. చాలా చోట్ల సండే స్కూలు ఆరాధనకు ముందే ముగుస్తుంది. ఆ తరువాత పిల్లలు ముందు చాపల మీద కూర్చుంటారు, చంటిబిడ్డ ఏడిస్తే పక్కనున్న ఏ పిన్నిగారో ఎత్తుకొని గుమ్మం దాకా తిప్పి తీసుకొస్తారు, కానుకల సంచి పట్టుకొని వరుసల మధ్య తిరిగేది పదేళ్ళ కుర్రవాడే కావచ్చు. అసలు తెలుగు నేల మీద ఈ విశ్వాసం వ్యాపించిందే కుటుంబాలుగా. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని బాప్టిస్టు మిషను చరిత్ర చెబుతుంది. ఆ కాలంలో సంఘాల్లో చేరినవారు ఎక్కువగా ఒక్కొక్కరుగా రాలేదు, బంధువర్గాలుగా, పేటలకు పేటలుగా వచ్చారు. ఇది మన ఆచారం మాత్రమే కాదు, వాక్యంలోనూ ఇదే కనబడుతుంది. ధర్మశాస్త్రం చదివి వినిపించేటప్పుడు పురుషులను, స్త్రీలను, పిల్లలను, ఊళ్ళో ఉన్న పరదేశులను కూడా పోగుచేయమని ద్వితీయోపదేశకాండము 31వ అధ్యాయం చెబుతుంది. యోవేలు గ్రంథం 2వ అధ్యాయమైతే ఉపవాస కూడికకు పాలు తాగే బిడ్డలను సైతం పిలవమంటుంది.

ఇక్కడివారి పద్ధతిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. సండే స్కూలుకు పేరు తెచ్చిన ప్రయత్నం 1780లో ఈ దేశంలోనే, గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ మొదలుపెట్టినది. వారమంతా పనికి పోయే పేద పిల్లలకు ఆదివారం ఒక్కటే తీరిక కాబట్టి, ఆ రోజు వారికి చదువూ వాక్యమూ కలిపి నేర్పాలన్నది దాని ఉద్దేశం. తల్లిదండ్రులతో పాటు ఆరాధనకు వచ్చిన పిల్లలను వారి నుంచి వేరు చేయడానికి పుట్టిన ఏర్పాటు కాదది. ఆరాధన జరిగే వేళకే పక్క గదిలో పిల్లల తరగతి నడపడం తరువాత స్థిరపడిన అలవాటు.

సాధారణంగా చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ (ఇంగ్లండ్‌లోని ఆంగ్లికన్ శాఖ) సంఘంలో ఆదివారం ఉదయపు ఆరాధన గంటా గంటంబావు ఉంటుంది. మొదట్లోనే పిల్లలు తమ గదికి వెళ్ళి, ప్రభువు బల్ల సమయానికి తాము గీసిన బొమ్మలు చేతబట్టుకొని తిరిగి వస్తారు. చాలా సంఘాల్లో నెలకొక ఆదివారం, ఎక్కువగా మొదటి ఆదివారం, అన్ని వయసులవారికీ కలిపి ఆరాధన ఉంటుంది, ఆ రోజు ప్రసంగం చిన్నది, వాక్యం చదివేది పిల్లలే కావచ్చు. మొదటి కొన్ని వారాలు మీ బిడ్డతో పాటు మీరూ ఆ గదిలో కూర్చోండి, ఎవరూ వద్దనరు. భాష, మనుషులు అలవాటయ్యాక ఒంటరిగా పంపండి. నెలకొకసారి వచ్చే ఆ ఉమ్మడి ఆరాధనను మాత్రం, షిఫ్టు మార్చుకోవలసి వచ్చినా సరే, వదులుకోకండి. మరొక మాట. పిల్లలు అల్లరి చేస్తారన్న భయంతో మనవాళ్ళు చివరి వరుసలో కూర్చుంటారు, అక్కడ పిల్లలకు పెద్దల వీపులు తప్ప ఏమీ కనబడవు కాబట్టి అల్లరి ఇంకా ఎక్కువవుతుంది. రెండో మూడో వరుసలో కూర్చుంటే వారికి చూడడానికి ఏదో ఒకటి ఉంటుంది. మరీ మారాం చేస్తే తీసుకువెళ్ళడానికి చాలా చర్చిల్లో ఒక పక్క తివాచీ పరిచి, బొమ్మలూ పుస్తకాలూ పెట్టిన మూల ఉంటుంది, మొహమాటపడకుండా వాడుకోండి.

ప్రభువు బల్ల విషయంలో సంఘానికో పద్ధతి ఉంటుంది కాబట్టి ముందే అడిగి తెలుసుకోవాలి. మన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా) సంఘం ఆంగ్లికన్ సహవాసంలో భాగమే. అందులో బల్లలో పాలుపొందే సభ్యులైనవారిని ఇక్కడి ఆంగ్లికన్ సంఘాలు సంతోషంగా చేర్చుకుంటాయి. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో బాప్తిస్మం పొందిన పిల్లలకు కన్ఫర్మేషన్ కాకముందే బల్ల ఇవ్వడానికి 2006 నాటి నియమాలు దారి చూపుతున్నాయి, అయితే ఆ సంఘం బిషప్ అనుమతి తీసుకొని ఉండాలి. లేనిచోట మీ బిడ్డ కూడా మీతో పాటే ముందుకు వెళ్ళవచ్చు. చేతులు చాచకుండా ఛాతీ మీద కట్టుకొని నిలబడితే పాస్టరుగారు తల మీద చేయి ఉంచి ఆశీర్వదిస్తారు. బిడ్డను వరుసలోనే వదిలి మీరొక్కరే వెళ్ళవలసిన పని లేదన్నమాట. ఆంగ్లికన్ చర్చిలో ఇచ్చేది పులిసిన ద్రాక్షారసం, అంటే వైన్, మెథడిస్టులు పులియని రసమే వాడతారు. బాప్టిస్టు సంఘాల్లో నీళ్ళలో బాప్తిస్మం తీసుకున్న తరువాతే బల్ల అనుకునేవారు ఉన్నారు, కేథలిక్కులకు ఏడేళ్ళ ప్రాయంలో మొదటి దివ్యసత్ప్రసాదం ఉంటుంది. ఏది సరి అన్న వాదనలోకి నేను వెళ్ళను. మీ పిల్లలు అడిగినప్పుడు మీరు ఒక సమాధానం చెప్పగలిగి ఉండాలి, అంతే.

ఆదివారం డ్యూటీ తప్పని నర్సులకు, హోటళ్ళలో పనిచేసేవారికి ‘మెస్సీ చర్చ్’ అన్న ఏర్పాటు గురించి తప్పక చెప్పాలి. ఇది 2004లో పోర్ట్స్‌మత్ దగ్గరున్న కౌప్లెయిన్‌లోని ఒక ఆంగ్లికన్ సంఘంలో మొదలై ఎన్నో దేశాలకు పాకింది. సాధారణంగా నెలకొకసారి, బడి వదిలాక గానీ శనివారం గానీ పెడతారు. మొదట బైబిలు కథకు సంబంధించిన చేతిపనులు, తరువాత కొద్దిసేపు ఆరాధన, చివరకు అందరికీ భోజనం. పిల్లలను దింపి వెళ్ళిపోవడం ఇక్కడ కుదరదు, వెంట వచ్చిన పెద్దలు కూడా అదే బల్ల దగ్గర కూర్చొని జిగురు పూయాలి, కాగితం కత్తిరించాలి. నాకు ఇది నచ్చడానికి కారణం అదే.

చేతిపనికి భాష అక్కర్లేదన్నది నేను క్రిస్టింగిల్ ఆరాధన దగ్గర కళ్ళారా చూశాను. క్రిస్మసు రోజుల్లో జరిగే ఈ ఆరాధన జర్మనీలోని మొరేవియన్ సంఘంలో 1747లో పుట్టింది. 1968 నుంచి ఇంగ్లండ్ చర్చిల్లో వ్యాపించింది. ఒక నారింజపండు తీసుకొని దాని నడుముకు ఎర్ర రిబ్బను చుడతారు, పైన గాటు పెట్టి వెండి కాగితం పరిచి కొవ్వొత్తి నిలబెడతారు, ఎండుద్రాక్షలూ మిఠాయిలూ గుచ్చిన నాలుగు పుల్లలు నాలుగు పక్కలా దిగేస్తారు. పండు లోకం, రిబ్బను క్రీస్తు రక్తం, పుల్లల మీదున్నవి భూమి ఇచ్చే ఫలాలు, కొవ్వొత్తి లోకానికి వెలుగైన ప్రభువు. మా సంఘంలో వాటిని సిద్ధం చేసే మధ్యాహ్నం, మనుమలను చూడడానికి తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఊరికే కూర్చోలేక బల్ల దగ్గరకు వచ్చారు. ఆవిడకు ఇంగ్లీషులో ‘థాంక్యూ’ తప్ప రాదు. పుల్ల నిటారుగా గుచ్చితే పండు చీలి రసం కారుతోందని గమనించి, కొంచెం ఏటవాలుగా ఎలా గుచ్చాలో చుట్టూ ఉన్న ఇంగ్లీషు పిల్లలకు చేత్తోనే చూపించారు. కాసేపటికి పిల్లలు తమ పళ్ళు తెచ్చి ఆవిడ ముందు వరుసగా పెట్టారు. ఆ సాయంత్రం ఆరాధనలో ఆవిడకు ప్రసంగం ఒక్క ముక్క అర్థం కాకపోయినా, తన చేతిలో ఉన్నదేమిటో, దాని భావమేమిటో మనుమరాలు తెలుగులో చెవిలో చెబుతూనే ఉంది. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండడానికి వచ్చే పెద్దలను చర్చికి తీసుకెళ్ళి కూర్చోబెట్టడంతో సరిపెట్టకండి, వారికి అక్కడ ఒక పని చూపించండి. వారం మధ్యలో చర్చి హాలులో జరిగే చంటిపిల్లల కూడికకు అమ్మమ్మలూ తాతయ్యలూ కూడా వెళ్ళవచ్చు.

ఇక మన తెలుగు సహవాసాల సంగతి. ఎక్కువ ఆలోచించవలసింది ఇక్కడే అని నా నమ్మకం. నెలకొకసారో రెండుసార్లో మధ్యాహ్నం ఒక హాలు అద్దెకు తీసుకొని మనం చేరుతాము, కీర్తనలు పాడతాము, సాక్ష్యాలు వింటాము, కడుపునిండా ప్రేమ విందు చేస్తాము. అది మనకు ప్రాణం లేచివచ్చే సమయం. కానీ ఆ మూడు గంటలు పిల్లలు ఎక్కడ ఉంటున్నారు? చాలా చోట్ల పక్క గదిలో ఫోన్లు పట్టుకొని ఉంటున్నారు, పెద్దలు అల్లరి సద్దుమణిగిందని అనుకుంటున్నారు. దీన్ని సరిచేయడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. తెర మీద పాట వేసేటప్పుడు తెలుగు లిపి కింద ఇంగ్లీషు అక్షరాల్లో అదే చరణం, దాని కింద ఒక్క వాక్యంలో భావం వేస్తే, తెలుగు చదవడం రాని పిల్లలు కూడా గొంతు కలుపుతారు. వాక్యపఠనం రెండు భాషల్లో పెట్టి, తెలుగు భాగం ఒక పెద్దవారికి, ఇంగ్లీషు భాగం ఆ ఇంటి పిల్లలకే ఇవ్వండి. ప్రసంగాన్ని కుదించమని పాస్టరుగారిని గౌరవంగా అడగవచ్చు, అరగంట చాలు, మధ్యలో రెండు నిమిషాలు ఇంగ్లీషులో పిల్లలనే ఉద్దేశించి మాట్లాడితే వారు తలెత్తి వింటారు. హైస్కూలు వయసు వచ్చిన వారికి మైకు, తెర, కీబోర్డు అప్పగించండి, తప్పులు చేస్తే చేయనివ్వండి. ఒకే కంఠత వాక్యాన్ని అవ్వ తెలుగులోనూ మనుమడు ఇంగ్లీషులోనూ నేర్చుకొని కలిసి నిలబడి చెప్పే పద్ధతి ఒక సహవాసంలో చూశాను. ఇంట్లో వారం పొడుగునా ఒకరికొకరు ఒప్పజెప్పుకోవలసి వస్తుంది కాబట్టి దాని ఫలం హాలు దాటి ఇంటికి కూడా చేరుతుంది.

తెలుగు సహవాసం ఉంది కదా అని మీ వీధిలోని చర్చిని వదిలేయకండి. పిల్లల బడి స్నేహితులు ఉండేది అక్కడే. కొన్ని చర్చి బడుల్లో సీట్లకు పోటీ ఉన్నప్పుడు క్రమంగా ఆరాధనకు వచ్చే కుటుంబాలకు ప్రాధాన్యం ఇస్తారన్నది నిజమే, కానీ బడి దరఖాస్తు మీద పాస్టరుగారి సంతకం కోసమే కొన్నాళ్ళు వెళ్ళి మానేస్తే పిల్లలు దాన్ని గుర్తుపెట్టుకుంటారు.

పిల్లల భద్రత గురించి ఇక్కడి నియమాలు మనకు కొత్తగా, ఒక్కోసారి అవమానంగా కూడా అనిపిస్తాయి. సండే స్కూల్లో సాయం చేస్తానంటే నేరచరిత్ర ఏమైనా ఉందా అని చూసే తనిఖీ అడుగుతారు, ఇంగ్లండ్‌లోనూ వేల్స్‌లోనూ దాన్ని డీబీఎస్ అనీ, స్కాట్లండ్‌లో పీవీజీ అనీ అంటారు. స్వచ్ఛందంగా చేసేవారికి డీబీఎస్‌కు రుసుము ఉండదు. గదిలో పిల్లలతో ఒక్క పెద్దవారే ఉండకూడదంటారు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ఫోటోలు వాట్సాప్‌లో పెట్టడం, ఆరాధనను ప్రత్యక్ష ప్రసారం చేస్తూ పిల్లల ముఖాలు చూపించడం కూడదు. మన ఊళ్ళో సండే స్కూలు టీచరు చిన్న దెబ్బ వేయడం మామూలు, ఇక్కడ అది చెల్లదు. స్కాట్లండ్‌లో 2020 నుంచి, వేల్స్‌లో 2022 నుంచి తల్లిదండ్రులు కొట్టడం కూడా చట్టవిరుద్ధమే. ఇది మీ మీద అనుమానం కాదు, అందరికీ ఒకటే నియమం. మన తెలుగు సహవాసాలు కూడా హాలు అద్దెకిచ్చిన చర్చి అడగకముందే ఈ నియమాలు పెట్టుకోవాలి. అన్ని వయసులవారూ కలిసి ఉండాలని కోరుకునేవారికి చిన్నవారి క్షేమం మొదటి బాధ్యత.

చివరగా, కుటుంబం వెంట లేనివారి మాట. 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులు తప్ప మామూలు మాస్టర్స్ చదువుకు వచ్చే విద్యార్థులు భార్యాభర్తలనూ పిల్లలనూ వెంట తెచ్చుకోవడానికి వీల్లేదు. అదే ఏడాది మార్చి 11 తరువాత కొత్తగా వచ్చిన కేర్ వర్కర్లకూ (వృద్ధులను, రోగులను చూసుకునేవారికి) అంతే. బిడ్డను అత్తమామల దగ్గర వదిలి వచ్చిన తల్లులు మన చర్చి వరుసల్లో ఒంటరిగా కూర్చుంటున్నారు. మీరు ఒంటరిగా వచ్చినవారైతే యువకుల గుంపులోనే ఉండిపోకుండా, పిల్లలున్న కుటుంబాల పక్కన కూర్చోండి, వారి పిల్లలకు అక్కగా, బాబాయిగా మెలగండి. మీరు కుటుంబంతో ఉన్నవారైతే ఆరాధన అయ్యాక అలాంటి ఒకరిని భోజనానికి పిలవండి, కూర ఏదైనా సరే. చలికాలంలో ఇక్కడ మధ్యాహ్నం మూడైతే ఇండియాలో రాత్రి ఎనిమిదిన్నర, అక్కడ కుటుంబ ప్రార్థనకు కూర్చునే వేళ. భోజనం ముగించి ఫోను బల్ల మీద నిలబెట్టి, ఆ తల్లి తన బిడ్డతో కలిసి పాట పాడుకోవడానికి ఒక గది ఇవ్వండి, వీలైతే మీ పిల్లలనూ ఆ పాటలో కూర్చోబెట్టండి.